అంచుదాకా పోసిన టీ

"చంపబోయేది ఎవరినో తెలుసు. చంపేది ఎవరో కూడా దాదాపు తెలుసు. నీ పనల్లా మధ్యలో అడ్డం పడటమే," అన్నాడు చీఫ్.

కిటికీలు లేని గది. టేబుల్ మీద రెండు ఫొటోలు. మొదటిది ప్రొఫెసర్‌ది. చైనా కవిత్వాన్ని అనువదిస్తూ జుట్టు నెరిసిన మనిషి. త్వరలో చైనాతో జరగబోయే నదీజలాల చర్చలకు దుబాసీగా వెళ్తున్నాడు. ఆ చర్చలు చెడితే పండగ చేసుకునే ఆయుధాల ముఠా ఒకటి సముద్రం అవతల కాచుక్కూర్చుంది.

రెండో ఫొటో ఏజెంట్ చేతిలోకి తీసుకుని చూశాడు. అది నెమలి.

నెమలి అన్నది కోడ్ నేమ్. పబ్లిక్ లైబ్రరీ మేడ మీద చైనా సంస్కృతి గురించి ఉచిత కార్యక్రమాలు జరుగుతాయి. ఒక సాయంత్రం టీ మర్యాదలు, ఒక సాయంత్రం కవిత్వం, ఇంకో సాయంత్రం అక్కడి తాజా రాజకీయాలు. వచ్చే పోయే అధికారులతో పరిచయాలు పెంచుకోమని ముఠావాళ్ళు ఆమెను అక్కడ టీచరుగా పెట్టారు. ఆమె గుట్టుచప్పుడు కాకుండా మనవైపు తిరిగింది. డబుల్ ఏజెంట్. ఆమె దగ్గర కబుర్లు అందుకోవడానికి మన ఏజెంట్ నెరిసిన విగ్గు పెట్టుకుని, చెవిటి పెన్షనర్ వేషంలో క్లాసులో చేరాడు.

చేరినవాడు కబురు అందుకుని రావాలా, వద్దా? ఈ మహానుభావుడు పాఠాల్లో పడిపోయాడు. బస్సులో చైనా కవితలు చదువుకుంటూ దిగాల్సిన స్టాపు దాటిపోయేవాడు. పాఠాల్లో పడ్డాడో, పాఠాలు చెప్పే మనిషి మీద మనసు పడ్డాడో అతన్నే అడగాలి. అడిగితే మాత్రం చెప్తాడా!

"కొన్నాళ్ళుగా నెమలి నుంచి ఉలుకూ పలుకూ లేదు," అన్నాడు చీఫ్. "ముఠావాళ్ళు ఆమె తమ్ముణ్ణి ఎత్తుకుపోయారు. వాడికోసం ఆమె ఏమైనా చేస్తుంది. ఇవాళ ప్రొఫెసర్ ఉపన్యాసం. ఉపన్యాసానికి ముందు ఆమె టీ ఇస్తుంది. మేం హడావుడి చేస్తే ముఠా మొత్తం జారిపోతుంది. కాబట్టి నువ్వొక్కడివే లోపలుంటావు. అంతా సవ్యంగా ఉంటే మొదట్లో అనుకున్న ప్రకారం ఆమె నీతో 'వాన వచ్చేలా ఉంది' అంటుంది. అనకుండా టీ ఇచ్చిందనుకో, అందులో విషం ఉన్నట్టే. ఆయన పెదవికి కప్పు తగిలేలోపు ఆమెను కాల్చెయ్."

"సార్..."

"ఆర్డర్."

సాయంత్రం హాలు నిండింది. ప్లాస్టిక్ కుర్చీలు, గోడ మీద తెర, వెనక ప్రొజెక్టర్. ప్రొజెక్టర్ దగ్గర కొత్త ఆపరేటరు ఉన్నాడు. ఏజెంట్ అతణ్ణి చూశాడు, చూసి వదిలేశాడు. కళ్ళన్నీ ఆమె మీదే ఉంటే ఇంకొకరు ఎలా ఆనతారు?

బూడిదరంగు పట్టు గౌనులో ఆమె ఎప్పట్లాగే మెరిసిపోతోంది. కళ్ళు మాత్రం ఉబ్బి ఉన్నాయి.

"రండి తాతగారూ," అంది. క్లాసులో అందరి ముందూ అలాగే పిలుస్తుంది, ఆటపట్టించడానికి.

"బయట వాతావరణం ఎలా ఉందమ్మా?" అన్నాడు అతను.

"నేను చూడలేదు తాతగారూ."

అంతే. వాన మాట ఎత్తలేదు. జేబులో పెన్ను బిగించి పట్టుకున్నాడు. చూపుకి పెన్ను, నొక్కితే పిస్తోలు.

ఆమె ప్రొఫెసర్‌ను ముందు వరసలో, ప్రొజెక్టరుకు సూటిగా ఉన్న కుర్చీలో కూర్చోబెట్టింది. వరసగా అందరికీ టీ పోసింది. కప్పులో పైన కాస్త వెలితి ఉంచి, ఎంత ముచ్చటగా పోస్తుందో! ప్రొఫెసర్ కప్పు దగ్గరికొచ్చింది. పోసింది. పోస్తూనే ఉంది. టీ అంచు దాటి టేబుల్ గుడ్డ మీదికి కారింది.

"పర్వాలేదమ్మా," అంటూ ప్రొఫెసర్ వంగి, కప్పు ఎత్తకుండానే పెదవి ఆనించాడు. ఆమె చిన్నబోకూడదని ఆయన తాపత్రయం.

ఏజెంట్ కళ్ళజోడులో కెమెరా ఉంది. వీధిలో వ్యానులో కూర్చున్న చీఫ్ అంతా చూస్తున్నాడు. చెవి మిషన్ బుసకొట్టింది. "తాగుతున్నాడు. కాల్చు."

పెన్ను ఆమె వైపే ఉంది. వేలు బిగుసుకుంది. కానీ ఆమె చెప్పిన పాఠం అతని బుర్రలో గిర్రున తిరిగింది. అతిథి కప్పు ఎప్పుడూ నిండుగా పోయకూడదు. పోశామంటే, ఇక లేచి వెళ్ళండి అని అర్థం.

విషం పెట్టిన మనిషి లేచి వెళ్ళమని ఎందుకంటుంది?

"కాల్చమంటున్నాను!" చెవిలో చీఫ్.

"స్లైడ్లు వేద్దామా?" అన్నాడు ఆపరేటరు. అటెండరు లైట్లు తీసేశాడు. ప్రొఫెసర్ కుర్చీకి సూటిగా ప్రొజెక్టరు, దాని వెనక కొత్త మనిషి. ఏజెంట్‌కి అప్పుడు లెక్క తేలింది. ఏజెంట్ కుర్చీ మీంచి ఎగిరి ప్రొఫెసర్ మీద పడ్డాడు. ఇద్దరూ నేలకు కరుచుకున్నారు. ఖాళీ కుర్చీ వీపులోంచి గుండు దూసుకుపోయింది.

రెండో గుండు ఆమెకు తగిలింది. తమను అమ్మేసింది ఎవరో ఆపరేటరుకి తెలిసిపోయింది. మూడోసారి పేల్చేలోపు ఏజెంట్ పెన్ను అతని భుజాన్ని చీల్చింది. లైట్లు వెలిగేసరికి అతను తుపాకీ వదిలేసి నేల మీద మూలుగుతున్నాడు.

ఏజెంట్ ఆమె తల ఒళ్ళోకి తీసుకున్నాడు. విగ్గు ఎటు పోయిందో తెలీదు.

"వాడు ప్రతి మాటా వింటున్నాడు," అంది ఆమె. "ఒక్క మాట జారినా తమ్ముణ్ణి..."

"తెలిసింది. మాట్లాడకు."

"క్లాసులో నిద్రపోలేదన్నమాట, తాతగారు."

"నువ్వు చెప్తుంటే నిద్రెలా పడుతుంది?"

ఆమె నవ్వబోయింది. నవ్వు పూర్తి కాలేదు. ఆమె తలను ఒళ్ళోంచి దించడానికి అతనికి చేతులు రాలేదు. అంబులెన్సువాళ్ళు వచ్చి బతిమాలి విడిపించారు.

ప్రొఫెసర్ గోడకు చేరగిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "ఆ మర్యాద నాకూ తెలుసయ్యా. పాపం, చేతులు వణికి ఒలికిందనుకున్నాను."

తెల్లారేలోపు ఆపరేటరు నోరు విప్పాడు. ముఠా దొరికింది. తమ్ముడు ప్రాణాలతో దొరికాడు. అక్క ఏదని అడిగాడు. ఏజెంటే వెళ్ళి చెప్పాడు.

మర్నాడు చీఫ్ రిపోర్టు ముందేసుకుని కూర్చున్నాడు. ఏజెంట్ ముఖంలోకి చూడలేకపోతున్నాడు.

"ఆర్డర్ ఎందుకు మీరావని పైవాళ్ళు అడుగుతున్నారు. ఏం రాయమంటావ్?"

"టీ ఎక్కువ పోసింది సార్. అదే రాయండి."

"అలా రాస్తే నవ్వుతారయ్యా."

"నవ్వనివ్వండి సార్. క్లాసుకి వచ్చుంటే ఏడ్చేవాళ్ళు."