తేనెబండ మీద ఆగిన బండి

తేనెపట్టు కోసేసిన చోట రాతి మీద ఒక బాకు కనిపించింది. ఎవరో ఉలితో చెక్కిన బాకు. పిడి ఆకాశం వైపు, మొన కిందికి.

ఏటా అదే చోట పెద్ద తేనెటీగలు పట్టు పెడుతుంటే, తరాల తరబడి ఆ గుర్తు తేనె వెనకే దాగి ఉండిపోయింది. ఈ ఏడు ఈగలు ముందుగానే లేచిపోవడంతో తేనె కోసే ఈదన్న పట్టును రాయి కనిపించేదాకా గోకాడు. బాకు మొన చూపించిన వైపు తీగలు తప్పిస్తే, కొండ కడుపులోకి మనిషి పట్టేంత గుహ. వెనకటి పాళెగాడు ఒకడు, తరుముకొస్తున్న సైన్యానికి చిక్కకుండా తన ఇత్తడి పెట్టెను తేనెబండలో దాచాడని గూడెంలో పిల్లలకు కూడా తెలుసు. ఎక్కడ దాచాడో మాత్రం ఆ రోజు దాకా ఎవరికీ తెలియదు.

"పాళెగాడి సొత్తు పాళెగాడికే అచ్చిరాలా. మనకెందుకయ్యా?" అంది ఈదన్న భార్య గురవమ్మ. అని ఊరుకోలేదు, పెట్టె కోసం మళ్లీ కొండకు పోతున్న అతని వెంట తాను కూడా బయల్దేరింది. మొగుడు తాడు మీద వేలాడుతుంటే ఇంట్లో కూర్చుని రాగులు విసరడం ఆమె వల్ల కాదు.

మూడో మనిషి అంకన్న, గురవమ్మ తమ్ముడు. అతను లేనిదే ఈదన్న కొండ దిగడు. ఆ కొండల్లో తేనెకు దిగేవాడి తాడును పైన పట్టుకోవలసింది బావమరిదే. అన్నదమ్ములకు ఇవ్వరు, స్నేహితులకు ఇవ్వరు. అక్కను ముండమోయించడానికి ఏ తమ్ముడూ తాడు వదలడు కదా అని పెద్దల లెక్క. చెట్టుకు కట్టొచ్చు కదా అని ఎవరైనా బయటివాళ్లు అడిగితే, "చెట్టుకేమన్నా అక్క ఉండాదా?" అని ఈదన్న ఎదురు అడుగుతాడు.

అంకన్నకు రోడ్డు పక్కన మెకానిక్ షెడ్డు ఉంది. మూతబడిన ఒక విహారకేంద్రం వాళ్లు అమ్ముకుంటే కొన్న నాలుగు చక్రాల అడవి బండి అతని ముద్దుల బిడ్డ. లావు టైర్లతో రాళ్లెక్కుతుంది, వాగులు దాటుతుంది. దాన్ని ఈదన్న 'బలిసిన కప్ప' అంటాడు. అలా అన్న ప్రతిసారీ అంకన్న మొహం మాడ్చుకుంటాడు.

ఆ కప్ప ఆ రోజు దారి పొడుగునా దగ్గింది. చోక్ లాగితే నడుస్తుంది, తోస్తే చస్తుంది. సగం దారిలో పెట్రోలు అయిపోతే డబ్బాలోది పోశారు. ఆ తర్వాత దగ్గు మరీ ముదిరింది. ఎలాగో బండ నెత్తికి చేరి, ఒక్క తుమ్ము తుమ్మి ఆగిపోయింది.

"మొన్ననే గదక్కా కార్బురేటర్ విప్పి, కడిగి, కొత్త సామాను ఏసింది!" అని అంకన్న జుట్టు పీక్కున్నాడు.

"వచ్చేటప్పుడు చూసుకుందాంలే. ముందు నన్ను దింపు బామ్మర్దీ!" అన్నాడు ఈదన్న.

బండ అంచున రెండు గుంటలు ఉన్నాయి. తరతరాల బావమరుదుల మడమలు తొలిచిన గుంటలు. అంకన్న వాటిలో మడమలు తన్నిపెట్టి, తాడును నడుం చుట్టూ తిప్పుకుని కూర్చున్నాడు. ఈదన్న తాడు చివర ఉచ్చులో ఒక పాదం పెట్టి, రెండు చేతులతో తాడు పట్టుకుని, నవ్వుకుంటూ అంచు దాటాడు.

కాసేపటికి కింద నుంచి కేక వచ్చింది.

"ఉండాది! పెట్టె ఉండాది! ఇత్తడిదే!"

అంకన్న సంతోషం పట్టలేక ఈల వేశాడు. గురవమ్మకు కూడా, వద్దనుకున్నా, గుండె ఎగిరింది. సరిగ్గా అప్పుడే గుహలో ఏదో పెళ్లున విరిగిన చప్పుడు, దాని వెనకే ఈదన్న అరుపు. ఆ అరుపు సంతోషంతో వేసింది కాదని ఆమెకు వెంటనే తెలిసిపోయింది.

"ఏమయ్యా! ఏమాయె?"

"రాయి పడింది... కుడి భుజం మింద. చెయ్యి లేయడంల్యా!"

గురవమ్మ తల ఎత్తి చూస్తే పై కొండల మీద మబ్బు నల్లగా కమ్ముకుని ఉంది. అక్కడ వాన అప్పటికే దంచుతోంది. తేనెబండ సంగతి ఆమెకు చిన్నప్పటి నుంచీ తెలుసు. పైన వాన పడితే, ఆ నీళ్లన్నీ కొండ లోపలి సొరంగాల్లో దిగి, బండ మధ్యలో ఎక్కడో ఒకచోట నుంచి ధారగా దూకుతాయి. ఆ చోటు ఈ గుహేనేమోనని అప్పుడు తట్టింది.

"నీళ్లు వస్తాండాయి! పాదాలు తడుస్తాండాయి! ఉచ్చులో కాలు పెట్టినా, లాగండి!" అని కింద నుంచి ఈదన్న అరిచాడు.

అక్కాతమ్ముళ్లు ఇద్దరూ కలిసి లాగారు. ఈదన్నది తిన్నదానికి న్యాయం చేసే ఒళ్లు. పైగా తాడు బండ అంచుకు ఒరుసుకుంటోంది. మూడుసార్లు బలమంతా పెట్టి లాగినా జానెడు కూడా పైకి రాలేదు.

"బండి కావాలక్కా! బండి లాగితేనే!"

"అయితే పోయి బాగుచెయ్, తాడు నేను పట్టుకుంటా!"

"నీకు ఆగడక్కా! నీళ్లు తోస్తాంటే తాడు మిందనే ఆనుకోనుండాడు. జారితే నిన్ను గూడా లాక్కపోతాడు!"

"ఆగిన బండికి కట్టిపెట్టు మరి!"

"వాలు మింద ఉండాది, దాని బ్రేకును నేనే నమ్మను!"

కింద నుంచి ఈదన్న గొంతు వచ్చింది. "తాడు నా బామ్మర్ది చేతిలోనే ఉండాల! ఇంకెవరికిచ్చినా ఒప్పుకోను!"

ఈ మొండితనానికి తిట్టాలో ఏడవాలో గురవమ్మకు తెలియలేదు. రెండూ తర్వాత చేసుకోవచ్చని బండి దగ్గరికి పరిగెత్తింది. తమ్ముడికి అన్నం తీసుకుపోయిన రోజుల్లో షెడ్డులో కూర్చుని చూసిన పనే అది. చూడటం వేరు, చెయ్యడం వేరు. కానీ చేసేవాడి చేతులు రెండూ తాడు మీద ఉన్నాయి, నోరు ఒక్కటే ఖాళీగా ఉంది.

"ప్లగ్గు విప్పు! తడిగా ఉండాదా, పొడిగానా?"

"పొడిగా!"

"మంట కొడతాందా చూడు! ఇంజనుకు ఆనించి సెల్ఫ్ నొక్కు!"

నీలంగా చిన్న మెరుపు చిటుక్కుమంది.

"కొడతాంది!"

"అయితే పెట్రోలే అందడంల్యా! ప్లగ్గు బిగించి కార్బురేటర్ దించు! ముందు ట్యాంకు కుళాయి కట్టెయ్!"

కార్బురేటర్ అంటే ఇంజనుకు వంటగది. పెట్రోలూ గాలీ తగుపాళ్లలో కలిసేది అక్కడే. గురవమ్మ రెండు పట్టీలు వదులు చేసి, దాన్ని అటూ ఇటూ ఊపి లాగింది. కొంగు పరిచి, కింది గిన్నె స్క్రూలు విప్పింది. లోపల పెట్రోలు మీద తేలే ఫ్లోటు. దాని కింద పెట్రోలు రాకను మూసి తెరిచే సన్నటి సూది. నడుమ రెండు ఇత్తడి గొట్టాలు, ఒకటి లావుది, ఒకటి సన్నది. వాటినే అంకన్న జెట్లు అంటాడు.

"జెట్లు విప్పి ఎలుతురుకు పట్టు! బెజ్జంలో ఎలుతురు కనపడాల!"

పట్టింది. చీకటే.

"పెట్రోల్లో కడిగి ఊదు!"

డబ్బాలోంచి పెట్రోలు పోసి కడిగి ఊదింది. చీకటే. మళ్లీ కడిగింది. బుగ్గలు పగిలేలా ఊదింది. గాలి పోలేదు.

"మోకాలి దాకా వచ్చె!" అని కింద నుంచి ఈదన్న అరిచాడు. ఈసారి ఆ గొంతులో నవ్వు లేదు.

"తీగతో పొడవనా?"

"వద్దొద్దు! బెజ్జం పెద్దదైతే ఇంగ పనికిరాదు! పెట్రోలుకు కరగని మురికి ఉండదక్కా, ఇంగోసారి కడుగు!"

పెట్రోలుకు కరగని మురికి ఉండదన్నాడు, ఇదేమో కరగడం లేదు. గురవమ్మ గిన్నెలోకి చూసింది. పెట్రోలు అడుగున ఏదో ఎర్రని చుక్క ముద్దగా కూర్చుని ఉంది. గిన్నె వంచితే బద్ధకంగా పక్కకు జరిగింది. వేలితో తాకితే వేలికి అంటుకుంది. ఎక్కడో చూసిన బద్ధకమే అది. ఆలోచించకుండా వేలు నోట్లో పెట్టుకుంది. ముందు పెట్రోలు ఘాటు ముక్కుకెక్కింది. దాని వెనకే తియ్యగా తగిలింది.

"తేనె!" అని అరిచింది. "ఒరే అంకా, ఇది తేనెరా!"

"తేనేందక్కా?"

"పెట్రోలు యా డబ్బాలో తెచ్చినారు?"

అంకన్న నోరు తెరిచాడు. జవాబు కింద నుంచి వచ్చింది.

"నా డబ్బానే! చుక్క కారదు! నేనే తుడిచి ఇచ్చినా! ఈ వారమంతా దాంట్లోదే గదా పోస్తాండేది!"

తేనె పట్టే వాళ్ల ఇళ్లలో తుడిచిన డబ్బా అంటే అందులో గరిటెడు తేనె ఉన్నట్టే. నీళ్లకు ఇట్టే కరిగే తేనె పెట్రోలుకు లొంగదు. అడుగుకు దిగి, జెట్టు నోట్లో కూర్చుని, పెట్రోలుతో ఎంత కడిగినా కదలదు. ఆ రహస్యం తెలిశాక గురవమ్మ ఇక తమ్ముణ్ణి అడగలేదు. రెండు జెట్లూ నోట్లో వేసుకుంది. చింతగింజను చప్పరించినట్టు చప్పరించింది. ఉమ్మింది, మంచినీళ్లు పుక్కిలించింది, మళ్లీ చప్పరించింది. నాలుక మండింది, కళ్ల వెంట నీళ్లు కారాయి. తీపి పోయేదాకా వదల్లేదు.

లావుది ఎత్తి చూసింది. బెజ్జంలో గుండ్రంగా వెలుతురు! సన్నదాన్ని ఊదితే సన్నగా ఈల వేసింది. ఆ ఈల విని అంకన్న తాడు పట్టుకునే ఏడ్చేశాడు.

"తడి లేకుండా ఊదు! గిన్నె, సూది కూర్చునే చోటు నీళ్లతో కడిగి, కొంగుతో తుడువు! ట్యాంకు అడుగుది బయటికి కార్చెయ్, తేనంతా అడుగునే ఉంటాది! డబ్బాలో పైపైది గుడ్డలో వడగట్టి పోసుకో!"

అన్నీ చేసింది. తిరిగి బిగించింది. గిన్నె చుట్టూ ఉండే రబ్బరు ఉబ్బిపోయి గాడిలో కూర్చోనంది. దాన్ని బొటనవేలితో కొంచెం కొంచెంగా అదిమి, మూత పెట్టి, స్క్రూలు తిప్పింది. కార్బురేటర్‌ను బండికి ఎక్కించి కుళాయి తెరిచింది. కింది గొట్టంలోంచి బొళబొళా పెట్రోలు కారిపోయింది.

"కారతాందిరా!"

"సూది! సూది పెట్టినావా అక్కా?"

కుళాయి కట్టి, కొంగు దులిపింది. సూది కింద రాలి టింగుమంది. గురవమ్మ తనను తాను ఒక బూతు తిట్టుకుని, మళ్లీ గిన్నె విప్పింది.

"నడుముకొచ్చె గురవా!"

పెళ్లైన నాటి నుంచి నలుగురిలో ఆమెను పేరు పెట్టి పిలిచిన మనిషి కాదు ఈదన్న. ఆ పిలుపు విన్నాక ఆమె వేళ్లు ఇక తడబడలేదు. సూది, ఫ్లోటు, పిన్ను, గిన్నె, స్క్రూలు. కుళాయి తెరిచింది. చుక్క కారలేదు. చోక్ లాగి సెల్ఫ్ నొక్కింది. ఒకసారి దగ్గింది. రెండోసారి దగ్గింది. మూడోసారి పెద్ద మోతతో అందుకుంది. చోక్ నెమ్మదిగా తోసింది. ఆగలేదు! కప్ప నిలకడగా, హాయిగా గురగురమంటూ నిలబడింది.

"తోక కొస పట్టుకో!" అని అంకన్న తాడు మిగులును విసిరాడు. ఆమె దాన్ని బండి వెనక కొక్కేనికి ముడేసి, అంచు దగ్గర తాడు కింద గోనెసంచి దోపింది.

"బావా! బండి లాగుతాది, తాడు మాత్రం నా చేతిలోనే ఉండాది! వదిలేది లేదు! పట్టుకో!"

"కానీ!"

గురవమ్మ గేరు వేసి అంగుళం అంగుళం బండిని ముందుకు నడిపింది. వెనక్కి చూసే ధైర్యం లేదు. తమ్ముడి కేకలే ఆమెకు కళ్లు. "మెల్లిగా! మెల్లిగా! ఆపు... కానీ! కానీ!" టైర్లు రాతి మీద గీసుకున్నాయి. ఇంజను ఒకసారి గొంతు తగ్గించుకుంది. మళ్లీ అందుకుంది.

అప్పుడు కొండ లోపల ఏదో తలుపు బద్దలైనట్టు గర్జించింది. గుహ నోట్లోంచి ఎర్రనీళ్లు చెట్టంత లావున బయటికి దూకాయి. ఆ ధారలో రాళ్లు, తీగలు, దుంగలు, వాటి మధ్య ఒక్క క్షణం పసుపుపచ్చగా తళుక్కుమన్న పెట్టె, అన్నీ లోయలోకి పోయాయి. ఆ ధారకు రెండు బారల పైన ఈదన్న వేలాడుతున్నాడు.

"ఆపక్కా, చాలు! వచ్చేసినాడు!"

అంకన్న బావ మొలతాడు పట్టుకుని బండ మీదికి ఈడ్చి, అతని పక్కనే వెల్లకిలా పడిపోయాడు. గురవమ్మ పరిగెత్తుకొచ్చింది. దాచిపెట్టుకున్న తిట్లు అన్నీ మర్చిపోయింది. మొగుడి తడి తలను ఒళ్లో పెట్టుకుని నవ్వింది. ఎంత ఆపుకున్నా ఆగని నవ్వు. బండ మీదికి వాన వచ్చి ముగ్గురినీ తడిపింది. ఇంత చల్లటి వాన తన జన్మలో ఎరగననుకుంది ఆమె.

"కప్ప మంచిదేరా," అన్నాడు ఈదన్న, కళ్లు మూసుకునే.

అంకన్న ఉండబట్టలేక అడిగాడు. "పెట్టె చేతికి అందలేదా బావా?"

"అందకేం. పక్కనే ఉండె. పిడి పట్టి లాగితే వచ్చేది." ఈదన్న ఊపిరి పీల్చుకున్నాడు. "పనిచేసేది ఒక్క చెయ్యే గదా. దాంట్లో తాడు ఉండె."

గురవమ్మ ఆ ఎడమ చెయ్యి వైపు చూసింది. గట్టు మీదికి వచ్చి ఇంతసేపైనా అది తాడును వదల్లేదు. వేళ్లు బిగుసుకుపోయి తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

"ఇంగ వదులయ్యా, వచ్చేసినావు," అంటూ ఒక్కో వేలే విప్పసాగింది.