ఎక్కువసేపు పట్టుకోలే బిడ్డా...

సృజనకు ఈ లోకంలో అన్నిటికన్నా ఎక్కువ భయం వాళ్ళ అత్త చేతులంటే!

పామంటే కాదు, చీకటంటే కాదు, మస్కట్‌లో క్రేన్ మీద పనిచేసే మొగుడికి ఏమవుతుందోనని కూడా అంత కాదు... రామవ్వ చేతులంటేనే! ఆ చేతులు తన కొడుకు సిద్ధును ఎక్కడ తాకుతాయో, తాకితే ఆ పసివాడి రక్తం ఎక్కడ పాడవుతుందోనని పొద్దున లేచింది మొదలు పండుకునే దాకా అదే బెంగ.

ఎందుకంటే రామవ్వ కరీంనగర్‌లో ఒక పిల్లల దవాఖానలో ఆయమ్మ. అందులోనూ ఎక్స్‌రే రూమ్ ఆయమ్మ! పసిపిల్లలు మిషన్ కింద కదలకుండా ఉండరు కదా... రెండు చేతులూ పైకెత్తి, తల పక్కకు తిరగకుండా ఎవరో ఒకరు అదిమి పట్టుకోవాలి. కన్నతల్లులు చూడలేక కొంగు నోట్లో కుక్కుకుని బయటికి ఉరికితే, ఆ పిల్లలను పట్టుకునేది రామవ్వే. కొడుకు లక్ష్మణ్ బడికి పోయే వయసులో ఉన్నప్పటి నుంచీ అదే పని. ఊరందరి పిల్లలను పట్టీ పట్టీ ఆమె వేళ్ళ కొసలు నల్లబడ్డాయి. గోళ్ళు గీతలు పడి పెళుసెక్కాయి. కీళ్ళ దగ్గర తోలు పగిలి, ఎన్ని మందులు పూసినా మానదు.

సృజన తొమ్మిదో తరగతిలోనే చదువు ఆగిపోయిన పిల్ల. ఏది నిజమో, ఏది కాదో ఎవరిని అడగాలో తెలియదు. పక్కింటి గంగుబాయి చెప్పిందే నిజమైపోయింది.

"మీ అత్త ఒంటినిండ రేడియేషన్ ఉంటదే పిల్లా! అందరిని గోడ అవతల నిలబడమంటరు, ఆమె లోపట్నే ఉంటది. గా చేతులతోనే వచ్చి నీ పోరన్ని ఎత్తుకుంటది. మంచిగ చెప్పిన, ఇగ నీ ఇష్టం!"

పాపం రామవ్వ! డ్యూటీ దిగి వచ్చి, బయట నల్లా కాడనే తలస్నానం చేసి, వేరే చీర కట్టుకుని, గడప అవతల కూర్చుని చేతులు చాపేది.

"జర ఇయ్యవే... ఒక్కసారి చూసి ఇస్త."

"వద్దత్తమ్మా, వాడు పండుకునే యాళ్ళయింది."

"ఇప్పుడే లేచిండు గదనే!"

"లేస్తే ఏంది, మళ్ళ పండుకుంటడు!"

"బాగనే పండుతడు నా మనుమడు. అచ్చం మీ మామ పోలిక!" అని నవ్వేది రామవ్వ. నవ్వుతూనే, చాపిన చేతులను మెల్లగా ఒళ్ళోకి తీసుకునేది...

సిద్ధు పుట్టిన ఏడాదే తనిఖీకి వచ్చినవాళ్ళు అడిగారని దవాఖానలో ఆయమ్మకు కూడా ఒక బ్యాడ్జి ఇచ్చారు. దాని మీద తన పేరు చూసుకుని రామవ్వ ఎంత మురిసిందో! రవికెకు పెట్టుకునే ఇంటికి వచ్చింది. "చూసినవానె? నా పేరు రాసిచ్చిండ్రు. మీద పడ్డ రేడియేషన్ అంత ఇండ్ల జమైతదట!"

సృజన కొడుకును ఎత్తుకుని వెనక్కి జరిగింది. "జమైతదా? జమైనదాన్ని మూటగట్టుకొని పసిపిల్లోడున్న ఇంటికి తెస్తున్నవా అత్తమ్మా!" అని ఒకటే ఏడుపు! అన్నం ముట్టలేదు. మస్కట్‌కు ఫోన్ చేసింది. లక్ష్మణ్ ఏం చెప్తాడు, ఎండలో నిలబడి? తల్లికి ఫోన్ ఇమ్మని, "అవ్వా... జర దాని మాట ఇనరాదే. అది గిట్ల పరేషాన్ అయితే పాలు గూడ పడయి" అన్నాడు.

మర్నాడు రామవ్వ రవికెకు బ్యాడ్జి లేకుండా వచ్చింది. ముఖంలో ఏదో ఆశ. "బిడ్డా, గా బ్యాడ్జి ఇగ పెట్టుకుంటలేనే. బయట మంచినీళ్ళ కుండ కాడ మేకుకు తగిలిచ్చి లోపటికి పోతున్న. నా మీద ఇగ ఏం జమ కాదు గదా... ఇగనన్న ఇస్తవా?"

సృజన ఇవ్వలేదు. కొడుకును ఇంకా గట్టిగా గుండెకు అదుముకుంది.

బ్యాడ్జి మాత్రం ఆనాటి నుంచి ఆ మేకుకే ఉండిపోయింది!

సిద్ధు గోడలు పట్టుకుని అడుగులేసే వయసులో, ముసురు పట్టిన రోజుల్లో వాడికి దగ్గు మొదలైంది. మొదట మామూలు దగ్గే. తర్వాత జ్వరం... ఆ తర్వాత ఊపిరి అందక డొక్కలు ఎగరేయడం! సృజన వాడిని కొంగులో చుట్టింది. ఆటోలో వేసుకుని ఉరికింది. ఏ దవాఖాన పేరు వింటే వణికేదో ఆ దవాఖానకే! డాక్టర్ చూసి, ఛాతీ ఎక్స్‌రే తీయాలన్నాడు.

ఎక్స్‌రే తీసే పరశురాములు మిషన్ సర్దుతున్నాడు. గోడకు ఎక్స్‌రే కిరణాలను ఆపే సీసం కోటు ఒక్కటే వేలాడుతోంది. సృజన ముందుకు ఉరికింది. "నేనే పట్టుకుంట! ఇంకెవలు తాకద్దు!"

"నువ్వు బయటికి నడువు" అంది రామవ్వ మెల్లగా.

"నా కొడుకును నేను పట్టుకుంటే నీకేంది!"

"నీ కొడుకే, కాదన్ననా? మరి కడుపుల ఉన్నదెవరు?"

సృజన బిత్తరపోయింది. లక్ష్మణ్ సెలవు మీద వచ్చి పోయాక నెల తప్పింది నిజమే... కానీ ఆ సంగతి ఎవరికీ చెప్పలేదే!

"చాయ్ వాసనకు ముక్కు మూసుకుంటున్నవ్. నాకు కండ్లు లేవా? నడువు... గోడ అవతలికి నడువు!" పెండ్లయి వచ్చిన నాటి నుంచి రామవ్వ గొంతు పెంచడం అదే మొదటిసారి.

"రామవ్వా, కోటన్న ఏసుకో" అన్నాడు పరశురాములు.

"పిల్లగానికి నడుము కింద కప్పుత. నాకెందుకయ్యా, ముసలిదానికి!"

అద్దం వెనక నుంచి సృజన చూసింది. ఆ నల్లబడ్డ వేళ్ళు తన కొడుకు చేతులను పైకెత్తి పట్టుకున్నాయి. వాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. రామవ్వ వాడి ముఖం మీదికి వంగింది. "అరెరె... ఎవలు కొట్టిండ్రు నా బిడ్డను? బాపమ్మ కొట్టిందా? బాపమ్మను కొడుదమా?" అంతే! వాడు ఏడుపు ఆపి ఆ ముఖాన్నే చూస్తూ ఉండిపోయాడు. ఎందుకు చూడడు... అంత దగ్గరగా బాపమ్మ ముఖం వాడు పుట్టినప్పటి నుంచీ ఎన్నడు చూశాడు గనుక! మనుమడిని ఆమె మొదటిసారి తాకింది ఆ మిషన్ కింద!

తలుపు తెరుచుకుంది. రామవ్వ వాడిని రొమ్ముకు హత్తుకోలేదు. తన ఒంటికి తగలకుండా రెండు చేతులూ ముందుకు చాపి, తల వంచుకుని ఇచ్చింది.

"ఇగో, పట్టుకో... ఎక్కువసేపు పట్టుకోలే బిడ్డా!"

ఆ మాట సృజన గుండెలో దిగిపోయింది. దిగినా భయం పోలేదు, చూడండి! సిద్ధుకు నిమ్ము తగ్గి ఇంటికి పంపేనాడు, పరశురాములును పక్కకు పిలిచి అడిగింది. "అన్నా... మా అత్త చేతులు తాకినయి గదా, వేడినీళ్ళతోని కడిగితే రేడియేషన్ పోతదా?"

అతను తెల్లబోయాడు. "ఏం మాట్లాడుతున్నవ్ చెల్లే? గోడకు టార్చిలైటు కొట్టి బంద్ చేస్తే గోడకు వెలుగు అంటుకోని ఉంటదా? గంతే! మిషన్ బంద్ అయితే అయిపాయె. మీ అత్త చేతులు నీ కొడుకును ఏం జెయ్యవ్. అయితే గియితే ఆ చేతులకే అయితది!"

"మరి... ఆ బ్యాడ్జిల జమైతది గదన్నా?"

"జమైతే బయటికి రాదు. అది మనిషి మీద ఎంత పడ్డదో చెప్పేటిది. మూడు నెలలకోసారి పంపితే కొలిచి చెప్తరు. ఎక్కువ వచ్చిందనుకో, ఆమెను ఈ రూమ్‌లకెల్లే తీసేసెటోళ్ళు. కానీ మీ అత్తది ఎప్పుడు పంపినా సున్నానే." అతని చూపు కుండ దగ్గరి మేకు మీదికి పోయింది. "మేకుకున్నదానికి ఏం పడ్తది?"

"నువ్వు రోజు చూసినవ్ గదా! ఎందుకు చెప్పలే?"

"సున్నా వస్తే మా సారు ఖుష్. నాకెందుకని... నేను గూడ ఊకున్న" అని తల దించుకున్నాడు పరశురాములు.

ఇంటికి ఎట్లా వచ్చిందో సృజనకే తెలియదు. నల్లా కింద తల తడుపుకుంటున్న రామవ్వ ఒళ్ళో కొడుకును కూర్చోబెట్టింది!

"అయ్యో, తడి చేతులే! వద్దు, వద్దే..."

"తడి అయితే కానియ్యత్తమ్మా! గట్టిగ పట్టుకో... నీ మనుమడే!"

సిద్ధు బాపమ్మ ముక్కు పట్టి గుంజాడు. రామవ్వ నవ్విందో, ఏడ్చిందో! ఆ తడిలో ఏవి నీళ్ళో, ఏవి కన్నీళ్ళో! కానీ అప్పుడే... అంత దగ్గరగా మొదటిసారి చూసిన సృజనకు ఆ ముంజేతుల మీద నీలం మచ్చలు కనిపించాయి.

"ఇవేందత్తమ్మా?"

"ఏమోనే. ఎక్కడన్న తాకి ఉంటది."

తాకినవి కావు. హైదరాబాద్‌లో రక్తం పరీక్ష చేసి, ఎముకల మూలుగలోనే రక్తం పుట్టడం చెడిపోయిందన్నారు. "ఎక్స్‌రేల వల్లనేనా సారూ?" అని సృజన చేతులు జోడించి అడిగితే, "కావచ్చమ్మా, కాకపోవచ్చు. ఇన్నేళ్ళలో ఎంత పడిందో తెలిస్తే కదా..." అన్నాడు పెద్ద డాక్టర్. దవాఖాన సారు మాత్రం కుర్చీలోంచి కదలకుండా చెప్పాడు: "మా దగ్గర సున్నా ఉన్నదమ్మా. మా రూమ్‌కూ మీ అత్త రోగానికీ సంబంధం లేదు. తంబాకు తింటది గదా ఆమె!"

రామవ్వ కూడా అదే నమ్మింది. అదే సృజనకు భరించరానిదైంది! "సున్నానేనట గదా... మరి వేములవాడ రాజన్నకు కోడెను కడతనని మొక్కి మర్చిపోయిన. అదే తాకిందే నాకు" అని గోడ వైపు తిరిగి గొణుక్కునేది. మేకుకు వేలాడిన బ్యాడ్జి చెప్పిన అబద్ధాన్ని నమ్మి, రోగానికి తన పాపమే కారణమని ఆ తల్లి తనను తానే తిట్టుకునేది...

చిగుళ్ళ నుంచి రక్తం కారేది. ఒకనాడు జావ తాగుతుంటే దవడ పన్ను దానంతట అదే ఊడి చేతిలోకి వచ్చింది. సృజన ఏడుస్తూ పారేయబోతే, రామవ్వను చూడటానికి వచ్చిన తన తమ్ముడు శ్యాంసుందర్ చెయ్యి పట్టుకున్నాడు. వాడు ప్రాణహిత వైపు పాత ఎముకలు తవ్వేవాళ్ళ దగ్గర జీపు నడుపుతాడు.

"పారెయ్యకక్కా! మా సార్లు మట్టిలకెల్లి ఏనుగు పండ్లు తీస్తరు. వేల ఏండ్ల సంది మట్టిల ఉన్న రేడియేషన్ పడుడు పడుడు ఆ పన్నులనే ఉండిపోతదట. అదెంతున్నదో కొలిచి, గా ఏనుగు ఎప్పటిదో చెప్తరు. మనిషి పన్ను గూడ గంతేనట! పన్ను మీది పెంకు ఒక్కసారి వస్తే మళ్ళ మారదు. మీద పడ్డదంత దాంట్లనే ఉంటదట."

రామవ్వ ఎర్రబడ్డ నోటితోనే నవ్వింది. "అంటే నన్ను ఏనుగులల్ల కలిపినవారా పోరగా?"

"మరేం జెయ్యాలె అత్తమ్మా? బ్యాడ్జిని మేకుకు పెట్టినవ్. పన్నునేడ పెడుతవ్!"

పన్నును దూదిలో చుట్టి తీసుకుపోయాడు. వాళ్ళ సారు తన దోస్తు ఒకాయనకు పంపాడు. నెలలు గడిచాయి, జవాబు లేదు. ఈలోగా సృజనకు ఆడపిల్ల పుట్టింది. భూమిక అని పేరు పెట్టింది రామవ్వే. కానీ ఏం లాభం! ఇప్పుడు ఇస్తామన్నా ఎత్తుకునే బలం ఆ చేతులకు లేదు. పిల్లను రామవ్వ రొమ్ము మీద పండుకోబెట్టి, ఆ నల్లటి చేతుల కింద తన చేతులు ఆనించి సృజనే పట్టుకునేది... అత్త చేతులంటే భయపడిన పిల్ల, ఆ చేతులు జారిపోతాయేమోనని భయపడింది!

చివరికి శ్యాంసుందర్ ఫోన్ వచ్చింది. "అక్కా... సున్నా కాదు. మామూలు మనిషి పన్నుల ఉండేదానికి ఎన్నో ఇంతలు ఉన్నదట!"

రోగం దానివల్లే వచ్చిందని ఎవరూ రాసివ్వలేదు. కానీ సున్నా మాత్రం అబద్ధం! సృజన అత్త చెవి దగ్గర నోరు పెట్టి చెప్పింది. "రాజన్న కోపం కాదత్తమ్మా! నీ పాపం కాదు! ఊరందరి పిల్లలను పట్టుకున్నవ్ చూడు... అదంత నీ పన్నుల ఉన్నదట! నేనే... నేనే నీ రొమ్ము మీదికెల్లి బ్యాడ్జి తీయించిన..."

"ఊకో... పిల్లగాని మీద పానం గదా నీది. నేనన్న గట్లనే చేద్దును." రామవ్వ కండ్లు మూసుకుంది. చాలాసేపటికి మళ్ళీ తెరిచింది. "ఇప్పుడు ఎవలు పడుతుండ్రే... పిల్లలను?"

అదే ఆమె అడిగిన ఆఖరి మాట.

కర్మలు అయిపోయాక సృజన ఆ దవాఖానకు పోయింది. ఇప్పుడు పిల్లలను పట్టుకునేది శంకరవ్వ. చిన్న వయసే, చంకన సొంత పిల్ల ఉంది. కుండ దగ్గర అదే మేకు, దానికి కొత్త బ్యాడ్జి, దాని మీద శంకరవ్వ పేరు! సృజన దాన్ని తీసి ఆమె రవికెకు పెట్టింది. ఏడుస్తూ అంతా చెప్పింది. "సరే అక్కా" అంది శంకరవ్వ. కానీ పది రోజుల తర్వాత చూస్తే బ్యాడ్జి మళ్ళీ మేకుకే ఉంది! "మా ఆయన వద్దన్నడక్కా... ఇంట్ల పసిపిల్ల ఉన్నది గదా..."

అమ్మలారా, అక్కలారా! రోజూ పోయి చూడటానికి సృజనకు వీల్లేదు, ఇంట్లో ఇద్దరు పసిపిల్లలు. మీరు ఎప్పుడైనా పిల్లను ఎత్తుకుని ఎక్స్‌రే రూమ్‌కు పోతే, మీ బిడ్డను పట్టుకున్న ఆ చేతుల మనిషిని ఒక్కసారి చూడండి. ఆమె రొమ్ము మీద బ్యాడ్జి ఉందా? ఒంటి మీద సీసం కోటు ఉందా? లేకపోతే బయట కుండ దగ్గర వెతకండి, తెచ్చి మీ చేతులతో పెట్టండి. ఆమె శంకరవ్వే అయితే... ఎట్లా ఉన్నావని అడగండి. చేతుల మీద నీలం మచ్చలు ఏమన్నా ఉన్నాయేమో, కొంచెం దగ్గరికి పోయి చూడండి...