నేర్పిన జవాబులు

"ఇవాళ ఏ వారం?"

"నీ మొహం వారం."

"కాదండీ, బుధవారం. ఏదీ, నాతో పాటు అనండి. బుధవారం."

ఉదయం ఏడు కాకముందే ఆ ఇంట్లో బడి మొదలైంది. పాఠం చెబుతున్నది టీచరుగారు. ముప్పై నాలుగేళ్ళు మూడో తరగతికీ నాలుగో తరగతికీ చెప్పి, రిటైరై పదేళ్ళయినా ఆ వీధిలో అందరికీ ఆవిడ టీచరుగారే. ఎదురుగా కుర్చీలో కూర్చున్న విద్యార్థి ఆవిడ భర్త. ఊళ్ళో సగం గోడలు ఆయన చేతి మీదుగా లేచినవే కనుక ఆయన్ని అందరూ మేస్త్రి అంటారు. అందరికీ ఇళ్ళు కట్టిపెట్టి తాను మాత్రం మూడో అంతస్తులో అద్దెకుంటున్నాడని ఎవరైనా వేళాకోళమాడితే, మతి బాగున్న రోజుల్లో ఆయనే ముందు నవ్వేవాడు.

ఇప్పుడు ఆ నవ్వు లేదు. మూడేళ్ళ కిందట మొదట తాళంచెవులు మరిచిపోయాడు, తరవాత పేర్లు, ఆ తరవాత మొహాలు. మొహాలు మరిచిపోయాక చెయ్యి లేవడం మొదలైంది. ఎవరో పరాయి ఆడమనిషి తన ఇంట్లో దూరి తన బట్టలు మడతపెడుతోందని ఆయనకు అనుమానం. ఇటుకలు మోసి, సున్నం కలిపి రాటుదేలిన చేతులవి. మనసు జారిపోయింది గానీ పట్టు మాత్రం జారలేదు.

"మీకు పిల్లలెంతమంది?" టీచరుగారు నాలుగోసారి అడిగింది.

మేస్త్రి చటుక్కున ఆవిడ మణికట్టు పట్టుకున్నాడు. పట్టుకుని మెలిపెట్టాడు. రెండో చేత్తో టీ గ్లాసు అందుకుని గోడకేసి కొట్టాడు. గాజుపెంకులు గదంతా చిమ్మాయి.

"ఎవత్తివే నువ్వు? నా ఇంట్లో కూర్చుని నన్నే పరీక్ష పెడతావా?"

ఆవిడ కిక్కురుమనలేదు. అరిస్తే స్నానాల గదిలో ఉన్న కోడలికి వినిపిస్తుంది. పళ్ళ బిగువున ఓర్చుకుని, ఆయన పట్టు సడలేదాకా ఆగి, చీపురు తెచ్చి పెంకులు ఎత్తిపోసింది. ఎండలు మండిపోతున్నా ఒంటి మీంచి తియ్యని ఉన్ని స్వెట్టరు చేతులు కిందికి లాక్కుంది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది, ఎవరికి చెప్పుకుని ఏం లాభమని ఆవిడ లెక్క. మళ్ళీ వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఒక్కడే కొడుకు. బస్సు డ్రైవరు. అనండి."

ఇంత ఆరాటం ఎందుకంటే, పది గంటలకు పెద్దవాళ్ళ సేవాకేంద్రం నుంచి ఒకావిడ వస్తోంది. ప్రశ్నలు అడిగి మార్కులు వేస్తుందట. ఆ మార్కుల్ని బట్టి ఏ ముసలివాళ్ళకు ఏ సాయం కావాలో, ఎవరు ఇంట్లో ఉండొచ్చో, ఎవర్ని ఇరవై నాలుగ్గంటలూ కనిపెట్టుకుని ఉండే చోటికి పంపాలో తేలుస్తారట. దరఖాస్తు పెట్టింది కోడలు. ఆ పిల్ల మందుల షాపులో పనిచేస్తుంది. కమిలిన దెబ్బలకు రాసే ఆయింట్‌మెంటు ఇంట్లో నెలకు నాలుగు ట్యూబులు ఎందుకవుతోందో ఆ పిల్లకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? మొగుడికి చెబితే అంతెత్తున లేచాడు. "మా నాన్న దిక్కులేనివాడా? నేను బతికుండగా ఆయన్ని ఆశ్రమంలో పడేస్తానా?" అని కంచం విసిరికొట్టాడు. కోపం ఆ ఇంటి మగవాళ్ళ సొత్తు కాబోలు. అయినా కోడలు వెనక్కి తగ్గలేదు.

టీచరుగారి భయం వేరు. ఎదురు వాటా ముసలాయన్ని ఇలాగే ఎక్కడికో తీసుకెళ్ళారు. ఆయన భార్య ఆదివారం ఆదివారం ఒక డబ్బా పట్టుకుని వెళ్ళి, చూసి, సాయంత్రానికి ఒంటరిగా తిరిగొస్తుంది. మెట్లెక్కేటప్పుడు ఆవిడ మొహం చూడలేక టీచరుగారు తలుపు వేసేసుకునేది. నలభై ఐదేళ్ళుగా పక్కన పడుకున్న మనిషిని వారానికోసారి చూసి రావడమా? దాని కన్నా దెబ్బలే నయం అనుకుంది. కనక ఆయన పరీక్ష తప్పకూడదు. మొద్దబ్బాయిల్ని గట్టెక్కించడం తనకు కొత్తా?

పది గంటలకు సేవాకేంద్రం ఆవిడ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. చంకలో ఫైలు, మెడలో వేలాడే కళ్ళద్దాలు. కోడలు షాపుకు సెలవు పెట్టి గుమ్మం దగ్గర నిలబడింది.

ఇక చూడాలి మేస్త్రి దర్జా! మతి తప్పినవాళ్ళకు కొత్తవాళ్ళు కనిపిస్తే ఎక్కడలేని తెలివీ వచ్చేస్తుంది కొన్నిసార్లు. నున్నగా గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, "రండమ్మా, కూర్చోండి. లిఫ్టు లేదు, కాళ్ళు నొప్పెట్టాయేమో" అన్నాడు.

"ఇవాళ ఏ వారమండీ?"

"బుధవారం."

"పిల్లలెంతమంది?"

"ఒక్కడే. బస్సు తోలుతాడు. ఇంటికి రావడం మాత్రం ఎప్పుడూ లేటే."

సేవాకేంద్రం ఆవిడ నవ్వింది. టీచరుగారు తనకు తెలియకుండానే పెదాలతో ప్రతి జవాబూ కలిపి చెబుతోంది. చివరికి ముప్పైకి ఇరవై ఏడొచ్చాయి. పనికిరాడనుకున్న కుర్రాడు ఫస్టు క్లాసులో పాసైనంత గర్వం ఆవిడ మొహంలో.

"ఈయనకు కోపం వస్తుందా? ఎప్పుడైనా చెయ్యి చేసుకుంటారా?"

"ఈయనా? చీమకైనా హాని చెయ్యరు."

కోడలు ఏదో అనబోయింది. అత్తగారు చూసిన చూపుకు ఆగిపోయింది.

"సరే మరి. ఇంటికి వచ్చి సాయం చేసేవాళ్ళున్నారు, పగలంతా చూసుకునే కేంద్రం ఉంది, దంపతులు ఉండడానికి కూడా..."

"అవన్నీ మాకెందుకమ్మా? చక్కగా ఉన్నాంగా." టీచరుగారు మాట మధ్యలోనే తుంచేసింది.

ఆవిడ ఫైలు మూసింది. "అయితే ఏ సాయమూ అవసరం లేదని రాస్తాను. మళ్ళీ దరఖాస్తు పెట్టాలంటే ఏడాది ఆగాలి."

సరిగ్గా అప్పుడే డ్యూటీ దిగి కొడుకు వచ్చాడు. ఒంటి మీద డ్రైవరు యూనిఫాం, చేతిలో సంచీ. ఆ చివరి మాట చెవిన పడగానే పెళ్ళాం వంక చూసి, "చెప్పానా? విన్నావా? మా నాన్న నిప్పులాంటివాడు! ఊరికే అభాండాలు వేశావు" అన్నాడు.

అంతే, కోడలికి కట్టలు తెగాయి. ఒక్క అంగలో వచ్చి అత్తగారి స్వెట్టరు చెయ్యి మోచేతి దాకా పైకి లాగింది. మణికట్టు చుట్టూ పొద్దున్నటి ఎరుపు, దాని పైన నిన్నటి నీలం, దాని పైన పోయిన వారం పసుపు.

"చూడండి! కళ్ళు తెరిచి చూడండి! మీరు తెల్లారకముందే వెళ్ళిపోతారు, ఇది మీకెలా కనపడుతుంది?"

"పడిందేమో..." కొడుకు గొణిగాడు.

"పడితే ఐదు వేళ్ళ అచ్చు వస్తుందా?"

"నోర్ముయ్! మా నాన్న మీద ఇంకొక్క మాటన్నావంటే..." కొడుకు చెయ్యెత్తి గట్టిగా అరిచాడు.

ఆ అరుపే కొంప ముంచింది. మేస్త్రి కుర్చీలోంచి లేచాడు. ఇరవై ఏడు మార్కుల మనిషి ఎక్కడికి పోయాడో, కళ్ళల్లో వేరే ఎవడో ఉన్నాడు. ఖాకీ బట్టల్లో ఎవడో తన ఇంట్లో చొరబడి ఆడవాళ్ళ మీద చెయ్యెత్తుతున్నాడు, ఆయనకు కనిపించింది అంతే. పక్కనున్న ఇనపకాళ్ళ స్టూలు రెండు చేతులా ఎత్తి కొడుకు భుజం మీద మోదాడు. కొడుకు గోడకు కొట్టుకుని కిందపడ్డాడు. మేస్త్రి మళ్ళీ ఎత్తాడు, ఈసారి తల మీదికి.

"వద్దండీ! మన అబ్బాయండీ!" టీచరుగారు మధ్యలోకి దూకింది.

స్టూలు కాలు ఆవిడ కనుబొమ్మ మీద దిగింది. రక్తం బొటబొటా కారింది. అక్కడితో ఆగినా బాగుండేది. స్టూలు పారేసి ఆవిడ జుట్టు పట్టుకుని వంచి, వీపు మీద పిడికిలితో గుద్దడం మొదలుపెట్టాడు. "దొంగలకు నువ్వే తలుపు తీశావు కదే! నువ్వే కదే!" కోడలు ఆయన చెయ్యి పట్టుకుని లాగితే ఒక్క తోపుతో బల్ల మీద పడేశాడు.

కొడుకు లేచాడు. నాన్న చేతిలో అమ్మ జుట్టు చూశాడు. ఏమీ ఆలోచించలేదు. తండ్రి చెంప ఛెళ్ళుమనిపించాడు.

మేస్త్రి చేతులు సడలాయి. చెంప పట్టుకుని రెండడుగులు వెనక్కి వేసి, గోడ మూలకు ఒదిగి చతికిలబడ్డాడు. మోకాళ్ళ మధ్య తల దాచుకున్నాడు. డెబ్బై రెండేళ్ళ మనిషి గొంతు పన్నెండేళ్ళ కూలి కుర్రాడి గొంతైంది.

"గోడ వంకరొచ్చిందా సార్? కొట్టకండి సార్. పడగొట్టి మళ్ళీ కడతాను. పనిలోంచి మాత్రం తీసెయ్యకండి."

కొడుకు తన అరచేయి వంక చూసుకున్నాడు. ఆ చేత్తోనే ఈ మనిషి వేలు పట్టుకుని నడక నేర్చుకున్నాడు. మోకాళ్ళ మీద కూలబడి, "నాన్నా, నేను... నాన్నా" అని భోరుమన్నాడు. దగ్గరికి పోతే తండ్రి ఇంకా ముడుచుకుపోతున్నాడు. ఓదార్చే దారి కూడా లేదు.

కాసేపటికి తల్లి వైపు తిరిగాడు. "ఎన్నాళ్ళ నుంచమ్మా?"

"రెండేళ్ళ నుంచిరా."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు ఇలాగే కొడతావని." టీచరుగారి గొంతులో నిష్ఠూరం లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. "చెప్పకపోయినా కొట్టావు. తప్పు నాదేరా."

సేవాకేంద్రం ఆవిడ వెళ్ళిపోలేదు. కోడలు తెచ్చిన దూదితో టీచరుగారి నుదురు అదిమి పట్టుకుని ఉంది. టీచరుగారు ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, ఆ ఫారం చింపెయ్యండి. జవాబులన్నీ నేను నేర్పినవి. మూడు రోజులు బట్టీ పట్టించాను. ముప్పై నాలుగేళ్ళలో ఒక్క పిల్లాణ్ణీ కాపీ కొట్టనివ్వలేదు. ఇవాళ దగ్గరుండి నేనే కొట్టించాను."

"ఎందుకండీ ఇలా చేశారు?"

"తక్కువ మార్కులొస్తే మమ్మల్ని విడదీస్తారని."

"విడదీస్తారని మీకెవరు చెప్పారు?"

టీచరుగారు ఆలోచించింది. ఎవరూ చెప్పలేదు. తను ఎవర్నీ అడగలేదు. తెలియకపోతే అడగండర్రా అని పిల్లల నెత్తిన మొట్టికాయలు వేసిన మనిషి, తన బతుక్కి సంబంధించిన ఒక్క ప్రశ్న నోరు తెరిచి అడగలేదు.

"ఇందాక చెప్పబోతే మీరు చెప్పనివ్వలేదు," అందావిడ. "దంపతులు కలిసుండే ఇల్లొకటి ఉంది మాకు. అందులో మతిమరుపు వాళ్ళ వార్డు కింద ఉంటుంది. పైన భార్యకో భర్తకో ఒక గది ఇస్తారు. పగలంతా ఆయనతోనే ఉండొచ్చు, అన్నం మీ చేత్తో పెట్టుకోవచ్చు. ఆయనకు కోపం వచ్చినప్పుడు పట్టుకోవడానికి మనుషులుంటారు. పట్టుకోవడం తెలిసినవాళ్ళు. ప్రస్తుతం ఒక గది ఖాళీ ఉంది. కానీ ఇరవై ఏడు మార్కులకు అది రాదు. ఉన్న నిజం రాయాలి, మీరు సంతకం పెట్టాలి."

కొడుకు నోరు విప్పబోయాడు. మూలనున్న తండ్రిని చూసి మూసుకున్నాడు.

కొత్త ఫారం తీశారు. ఈసారి జవాబులు టీచరుగారే చెప్పింది. తన పేరు ఎప్పుడు మరిచిపోయాడో చెప్పింది. చెంప మీద మొదటి దెబ్బ, పొయ్యి దగ్గర తోసేసిన రోజు, గొంతు పట్టుకున్న రోజు, అన్నీ చెప్పింది. ఒక్కొక్కటీ చెబుతుంటే కోడలు ఏడుస్తోంది, కొడుకు గోడకేసి తల కొట్టుకుంటున్నాడు. ఆవిడ మాత్రం ఏడవలేదు. సంతకం దగ్గరికి వచ్చేసరికి కలం కాగితం మీద ఆనింది గానీ కదలలేదు. నలభై ఐదేళ్ళు కాపురం చేసిన మొగుణ్ణి దుర్మార్గుడని తన చేత్తో రాసిచ్చినట్టుంది.

అప్పుడు మేస్త్రి మూలలోంచి లేచాడు. అందరూ బిగుసుకుపోయారు. కొడుకు అడ్డుపడబోతే టీచరుగారు వద్దని సైగ చేసింది. ఆయన మెల్లగా వచ్చి ఆవిడ ముందు నిలబడి, నుదుటి మీది దూదిని, స్వెట్టరు మీది నెత్తురు మరకల్ని తేరిపార చూశాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఎవరమ్మా నువ్వు? ఎవడు కొట్టాడు నిన్నిలా?"

ఈ ప్రశ్నకు జవాబు ఆవిడ ఎవరికీ నేర్పలేదు.

"మా ఇంటాయనండీ."

"ఛీ! వాడూ ఒక మగాడేనా?" మేస్త్రి గొంతు తగ్గించి, చుట్టూ చూసి, ఆ ఇంటాయన ఎక్కడ వింటాడోనన్నట్టు ఆవిడ చెవి దగ్గరికి వంగాడు. "అలాంటివాడితో ఒంటరిగా ఒకే ఇంట్లో ఉండకూడదమ్మా. చంపేస్తాడు. లే. ఎక్కడికైనా వెళ్ళిపోదాం పద. నేను తోడొస్తాను, భయపడకు."

రెండేళ్ళుగా కళ్ళల్లో ఆగిపోయిన నీళ్ళన్నీ టీచరుగారికి ఒక్కసారిగా వచ్చేశాయి. ఆయన చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని కళ్ళకద్దుకుంది.

"అలాగేనండీ. కలిసే వెళ్దాం" అని, కాగితం దగ్గరికి లాక్కుని సంతకం పెట్టింది.