ఎర్రపెన్ను ఒప్పుకోని పేరా

మొదటిరోజే గొడవపడ్డాం.

"'సులభంగా వాడవచ్చు' అని ఎందుకు రాశారు?" అందామె, నా స్క్రీన్ వైపు వంగి.

"సులభమే కదండీ."

"మీకు. అర్థంకానివాడు అది చదివి తనకే బుర్ర లేదనుకుంటాడు. తీసెయ్యండి."

లైబ్రరీ మేడమీద గదిలో శనివారాలు కొందరం చేరి, టెక్స్ట్‌ని ముక్కలు చేసే పార్సర్ అనే ఒక ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ మీద పనిచేసేవాళ్ళం. దాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, ఎవరైనా బాగుచేయవచ్చు. కానీ ఏ మార్పు అందులో చేరాలన్నా ఆమె ఒప్పుకోవాలి. అందరూ ఆమెను ఎర్రపెన్ను అనేవారు, ఆమె ముందే.

నేను పట్టుకున్నది అందులో ఒకే ఫంక్షన్, అంటే ఒక పని చేసే చిన్న ప్రోగ్రామ్ ముక్క. అది పేరాను వాక్యాలుగా విడదీస్తుంది. దాని డాక్యుమెంటేషన్‌లో, అంటే వాడేవాళ్ళకిచ్చే వివరణలో, ఉన్నదీ ఆ ఒక్క మాటే. 'డా.' అని పొట్టిగా రాస్తే ఆ చుక్క దగ్గరే వాక్యం తెగిపోతుందని ఎక్కడా లేదు. ఆ సంగతి ఉదాహరణతో సహా రాశాను.

మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కడినే. ఇలాంటి ప్రాజెక్టులో ఆమోదం పొందిన పని ఏదైనా చూపిస్తే ఇంటర్వ్యూకి పిలుస్తామని ఒక కంపెనీవాళ్ళు రెండు నెలలు గడువిచ్చారు.

ఆమె ఒప్పుకోలేదు. ఉదాహరణ పెద్దదంది. కుదిస్తే, మరీ చిన్నదైపోయిందంది.

"పోయినవారం కామా పెట్టమన్నచోటే ఇవాళ తీసెయ్యమంటున్నారు."

"పోయినవారం పొరపాటుపడ్డాను."

"ఆ మాట కామెంట్లో రాయండి. ఫ్రేమ్ కట్టించుకుంటాను."

నవ్వింది. మళ్ళీ శనివారం దాకా ఆ నవ్వుతో నెట్టుకురావచ్చనిపించింది. బయట వాన. ఒకే గొడుగు కింద బస్‌స్టాప్ దాకా నడిచాం. గొడుగు నావైపు వంచి, తన భుజం తడుపుకుంది.

ఇంట్లో నాన్న కుట్టుమిషన్ మీదనుంచి తలెత్తకుండా, "అయిందా నీ రాత?" అనేవాడు.

"ఇంకా లేదు నాన్నా."

"ఒకే కాలర్ అన్నిసార్లు విప్పి కుడితే గుడ్డ చిరుగుతుంది రా."

చిరిగింది. గడువు దాటింది. వేరేవాళ్ళను తీసుకున్నామని కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. నాన్నకు చెప్పే ధైర్యం లేక మిషన్ చప్పుడు వింటూ కూర్చున్నాను. ఇన్నేళ్ళ చదువు ఒక్క పేరాకు సరిపోలేదు. నా మార్పును నేనే వెనక్కి తీసుకున్నాను. ఆ శనివారం లైబ్రరీకి వెళ్ళలేదు.

మర్నాడు ఆమే, మా ఇంటి ముందుగదిలో ఉన్న నాన్న టైలర్ షాపు వెతుక్కుంటూ వచ్చింది.

"ఎందుకు వెనక్కి తీసుకున్నారు?"

"మీకు నచ్చలేదు కదండీ."

ఆమె కౌంటర్ మీది కొలత టేపును చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టింది.

"రెండోవారానికే బాగుంది. ఆ 'సులభంగా' తీసేశాక ఇంక వంక లేదు. ఒప్పేసుకుంటే మీరు మళ్ళీ రారనుకున్నాను."

మిషన్ చప్పుడు ఆగింది.

"దానిమీద నాకో ఉద్యోగం ఆధారపడి ఉండేది," అన్నాను. "పోయింది."

ఆమె టేపు కింద పెట్టేసింది. "ఒక్క ముక్క చెప్పలేదే."

"చెబితే జాలిపడి ఒప్పుకుంటారనుకున్నాను."

ఆమె ఫోన్ తీసి ఏదో నొక్కింది. తెర నావైపు తిప్పింది. నా పేరా పార్సర్‌లో చేరిపోయింది.

"ఇప్పుడెందుకండీ?"

"మీకోసం కాదు. చదివేవాళ్ళకోసం."

తిట్టడానికి నోరు తెరిచాను. నాన్న కాలితో స్టూలు ఆమెవైపు జరిపాడు.

"కూర్చోమ్మా. వాడి కోపం తగ్గడానికి టైం పడుతుంది."

ఆమె కూర్చుంది. నేను గోడవైపు చూస్తూ అడిగాను.

"వివరణ లేని ఫంక్షన్లు ఇంకా ఉన్నాయా?"

"బోలెడు."

"శనివారం వస్తాను. కోపంగానే వస్తాను."