బయటికి తెరిచే తలుపు

ఈశ్వరరావు పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి నిలబెట్టిన ద్వారబంధాన్ని, కొత్త ఇంజనీరు అశ్విని వచ్చీ రాగానే పీకెయ్యమంది.

మొదటి చూపులో ప్రేమ పుట్టడానికి ఇదేమంత మంచి మాట కాదు. అయినా పుట్టింది, అతని ఖర్మ.

పూండి దాటి, జీడితోటలు దాటి వెళితే సముద్రం ఒడ్డున మత్స్యకారుల పల్లె ఒకటుంది. అక్కడ తుఫాను షెల్టరు కడుతున్నారు. తలుపుల పని పలాస కుర్రాడు ఈశ్వరరావుది. అశ్వినిది టెక్కలి. తండ్రి స్కూలు మాస్టారు కావడంతో ఆమెకూ పాఠం చెప్పే అలవాటు అబ్బింది. సిమెంటు బస్తాల మీద ప్లాన్ పరిచి, ద్వారం దగ్గర ఉన్న వంపు గీత మీద వేలు పెట్టి, ఇదేమిటని అడిగింది.

"తలుపు తిరిగే దారి మేడమ్. తెలుసు."

"గీత బయటికి ఉంటే మీరు తలుపు లోపలికి ఎందుకు పెట్టారు?"

"గీసినోలు తప్పు గీసినారనుకున్నాను," అన్నాడతను నిజాయితీగా. "గుమ్మం తలుపు బయటికి తెరిత్తే లచ్చిమిని తోసీసినట్టు కాదేటి? అందుకే నేనే సరిసేసినాను."

అశ్వినికి నవ్వూ కోపమూ ఒకేసారి వచ్చాయి. కోపాన్ని మాత్రమే బయటపెట్టింది. ఇది ఇల్లు కాదనీ, జనం గుమిగూడే చోట ఎగ్జిట్ డోర్ బయటికే తెరుచుకోవాలనీ, బిల్డింగ్ కోడ్ చెప్పేది అదేననీ వివరించింది. తలుపు కూర్చునే గాడి లోపలివైపు ఉంది కాబట్టి ద్వారబంధం మొత్తం తీసి తిప్పాల్సిందే.

ఈశ్వరరావు తల అడ్డంగా ఊపాడు. అతనికి పని నేర్పిన మేనమామ పైడయ్య ఎప్పుడూ చెప్పే మాట ఒకటుంది. పూజ చేసిన గడపను పీకితే, పీకినవాడి ఇంట్లో ఒక మనిషి తగ్గుతాడట. ఇంట్లో ఉన్నది అతనూ తల్లీ మాత్రమే. ఎవరు తగ్గినా కష్టమే.

సముద్రంలో వాయుగుండం ఉందనీ, అది తీరానికి వచ్చేలోగా తలుపు తిప్పకపోతే వేరే మేస్త్రీని పిలుస్తాననీ అశ్విని చెప్పేసింది. అంటే అతను సైటుకి రానక్కర్లేదు, ఆమెను చూడనక్కర్లేదు. గడప పీకితే ఒక భయం, పీకకపోతే ఇంకో భయం.

ఈలోగా కిటికీల పని ఉందని వంక పెట్టుకుని రోజూ వచ్చేవాడు. కిటికీ అడుగున సిల్ అంటే ఏటి, దారికి క్లియర్ విడ్త్ అంటే ఏటి అని అడిగేవాడు. ద్వారం పైన వేసే దూలం, లింటెల్ సంగతి పనిలో చేరిన నాటినుంచీ తెలుసు. అయినా ఆమె చెప్తుంటే వినడానికి బాగుంటుందని రెండుసార్లు అడిగాడు. రెండోసారి అశ్విని కళ్లు చిన్నవి చేసి చూసింది కానీ, చెప్పడం మానలేదు.

ఒక సాయంత్రం వాన మొదలైంది. గొళ్లెం కొలత తీసుకుందామని అతను ఒక్కడే హాల్లోకి వెళ్లాడు. గాలికి తలుపు దభాలున మూసుకుంది. కిటికీలకు పలకలు కొట్టి ఉండటంతో లోపల చీకటి కమ్ముకుంది.

మొదట ఉప్పుచేపల వాసన వచ్చింది. కొత్త సున్నం గోడల్లో ఆ వాసన ఎక్కడిదా అనుకునేలోపే కాళ్లకు నీళ్లు చల్లగా తగిలాయి. వెనక ఎవరో ఊపిరి తీస్తున్నారు. ఒకరు కాదు, చాలామంది.

ఈశ్వరరావు తలుపు మీద పడి తోశాడు. తన చేత్తో బిగించిన తలుపు, లోపలికి లాగితే వచ్చే తలుపు. ఆ సంగతే మర్చిపోయి తోస్తూనే ఉన్నాడు. అతని అరచేతుల పక్కన ఇంకా అరచేతులు చప్పుడు చేస్తున్నాయి. భుజం ఎత్తున కొన్ని, మోకాలి ఎత్తున కొన్ని.

"ఈశ్వరరావ్, వెనక్కి జరగండి. నేను ఇటునుంచి తోస్తున్నాను," అని బయట అశ్విని గొంతు వినిపించింది.

"జరగనేకపోతన్నాను. ఎనకనుంచి తోసేత్తన్నారు."

"ఎవరు?"

అతను తల తిప్పి చూడబోయాడు. తర్వాత వీపు మీది బరువు ఒక్కసారిగా పోయింది. తలుపు లోపలికి తెరుచుకుని అశ్విని వచ్చి అతని మీద పడింది. మామూలు రోజైతే ఈశ్వరరావు ఆ క్షణాన్ని జన్మంతా తలుచుకునేవాడు. ఆ రోజు మాత్రం ఇద్దరూ తలుపు లోపలి ముఖాన్నే చూస్తూ ఉండిపోయారు. చెక్క మీద తడి చేతుల గుర్తులున్నాయి. కింద చిన్నవి కూడా ఉన్నాయి. నేల పొడిగా ఉంది.

గుమ్మం బయట కాసులమ్మ నిలబడి ఉంది. సైటులో అందరికీ టీ అమ్మే ముసలమ్మ ఆమె, ఎన్నడూ లోపలికి అడుగుపెట్టలేదు.

"ఇక్కడ ఎండుసేపల గోదాం ఉండీది బావూ," అంది నెమ్మదిగా. "పాత తుపానప్పుడు అందరం అందులో దూరినాం. మా సిన్నోడిని ఆ జనంకాడ కూసోబెట్టి, మా అత్తను తేనాకి ఇంటికెల్లినాను. తిరిగొచ్చీసరికి నీలొచ్చీసినాయి. నేను ఇటునుంచి తోసినాను, లోపలోలు అటునుంచి తోసినారు. తలుపు తెరుసుకోనేదు."

మర్నాడు పొద్దున్నే, ఎవరూ చెప్పకుండానే, ఈశ్వరరావు ఉలి తీశాడు. పైడయ్య ఫోన్లో వద్దంటూనే ఉన్నాడు. కాసులమ్మ పసుపునీళ్ల చెంబుతో వచ్చి గడప కడిగి, తప్పు ఏదైనా ఉంటే ఈ ఊరి మీదే వెయ్యమని దండం పెట్టింది. అశ్విని ద్వారబంధానికి ఒక వైపు పట్టుకుంది. చీకటి పడకముందే రెండు రెక్కలూ బయటికి తిరిగాయి.

"నన్ను లోపల ఎట్టి మూసీండి," అంది కాసులమ్మ.

వాళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకుని, రెక్కలు దగ్గరకు వేశారు. లోపలినుంచి చప్పుడు లేదు. తర్వాత ముసలి చేతులు తోశాయి. తలుపు ఒక్క తోపుతో తెరుచుకుంది. కాసులమ్మ వానలోకి వచ్చి నిలబడి వెనక్కి తిరిగింది.

"మూయకండి బావూ. ఇంకా వత్తన్నారు."

ఈశ్వరరావు ఒక రెక్క పట్టుకున్నాడు, అశ్విని రెండోది. గాలి లేదు. అయినా అతని చేతి పక్కనుంచి ఏదో చల్లగా తగులుతూ పోతోంది, ఆగి ఆగి, వరుసలో వెళ్తున్నట్టు. అశ్వినికీ తగులుతోందని ఆమె కళ్లే చెప్తున్నాయి. ఇద్దరూ రెక్కలు వదల్లేదు.

"మేడమ్, నాకు మీరంటే ఇష్టం," అన్నాడు ఈశ్వరరావు. "ఇప్పుడు సెప్పకపోతే మల్లీ ధైర్నం రాదు."

"నాకు తెలుసు. లింటెల్ రెండోసారి అడిగినప్పుడే తెలిసింది." ఆమె తన రెక్కను ఇంకా గట్టిగా పట్టుకుంది. "ఆదివారం నాన్న ఇంట్లోనే ఉంటారు. మీ అమ్మను తీసుకుని టెక్కలి రండి. తలుపు మాత్రం వదలకండి."

అతను వదల్లేదు. కాసులమ్మ ఒక్కొక్కరినీ గుర్తుపడుతున్నట్టు తల ఊపుతూ ఉంది. చివరికి మోకాళ్ల మీద కూర్చుని, ఖాళీ గాలిని రెండు చేతులా దగ్గరకు తీసుకుంది.

"ఆడే ఆకరు," అంది. "ఇంక మూసీండి."

ఇద్దరూ చెరో రెక్కా మెల్లగా మూశారు.