ఉప్పు కొట్టులో ఎర

వన్ టౌన్ నుంచి చేపల జెట్టీకి దిగే సందు చివర ఒక పాత ఉప్పు కొట్టు ఉండేది. ఇప్పుడు లేదు. డెబ్బై తొమ్మిదిలో ఉంది. కప్పు సగం కూలిపోయి, తలుపుకి గొళ్ళెం తప్ప తాళం లేకుండా ఉండేది. తాళం ఎందుకు... చీకటి పడ్డాక అందులోకి అడుగుపెట్టే దొంగ ఆ చుట్టుపక్కల పుట్టలేదు.

గంగాలమ్మ అని ఒకావిడ ఉండేదట. మొగుడు వేటకెళ్ళిన పూట ఆ కొట్టులో కూర్చుని చేపలకి ఉప్పు పట్టిస్తోందట. వేట అంటే అడవిలో వేట కాదు. సముద్రం మీద చేపలు పట్టడాన్ని అక్కడివాళ్ళు వేట అంటారు. ఆ బోటు తిరిగి రాలేదు. ఆవిడ కొట్టులోంచి లేవలేదు. పిలిస్తే పలికేది కాదు. ఒక వైపు ఉప్పు పట్టిన చేపని రెండో వైపు తిప్పడం... మళ్ళీ మొదటి వైపు తిప్పడం... అలా తిప్పుతూ తిప్పుతూనే పోయిందట.

ఆ తరవాత చీకటి రాత్రుల్లో ఆ గోడ కంతల్లోంచి దీపం లేని వెలుగు కనిపించేదని చెప్పుకునేవారు. మగవాళ్ళు సముద్రం మీదికి వెళ్ళబోతే ఆవిడే ఏదో ఒక అడ్డు పెడుతుందని కూడా అనేవారు.

గవర్రాజు ఇవేవీ నమ్మేవాడు కాదు. పైగా ఆ వారం అతనికి దెయ్యాల సంగతి ఆలోచించే తీరిక లేదు.

అతనిది గోదావరి వైపు. పోర్టు ఆఫీసులో గుమాస్తా. ఉద్యోగానికని కొత్తగా దిగినప్పుడు ఎటు వెళ్ళాలో తెలియక రైలు స్టేషన్లో పెట్టె మీద కూర్చుంటే, ముక్కూ మొహం తెలియని త్రినాథరావు ఇంటికి తీసుకెళ్ళి అన్నం పెట్టాడు. కంచరపాలెంలో తన పక్క వాటా అద్దెకి ఇప్పించాడు. ఆనాటి నుంచి ఇద్దరూ ఒకరినొకరు బావా అని పిలుచుకునేవారు. చుట్టరికం ఏమీ లేదు, పిలుపే చుట్టరికం.

త్రినాథరావు పనిచేసింది డాల్ఫిన్స్ నోస్ కొండ మీద, సిగ్నల్ స్టేషన్లో. వచ్చే ఓడని, పోయే ఓడని కనిపెట్టి కింద రేవుకి చెప్పడం అక్కడి పని. ముప్పై ఏళ్ళు సముద్రాన్ని కళ్ళారా చూశాడు గాని, ఒక్కసారైనా దాని మీద కాలు పెట్టలేదు. ఆ నెలలోనే రిటైరయ్యాడు. సోమవారం సామాను కట్టుకుని పాలకొండ అవతల సొంతూరు వెళ్ళిపోతున్నాడు. అక్కడ ఎటు చూసినా చేలు, కొండలే.

అందుకని గవర్రాజు ఒక నిర్ణయానికొచ్చాడు. ఆదివారం ఒక మరబోటు మొత్తం మాట్లాడాలి. బావని సముద్రం మధ్యకి తీసుకెళ్ళాలి. బావ చేత్తోనే గాలం వేయించి ఒక వంజరం చేపని పట్టించాలి. ఈ ఆదివారం తప్పితే ఇంక లేదు.

షికారుకని బోటు మాట్లాడేవాళ్ళని ఆ రోజుల్లో జెట్టీ ఎరగదు. పెళ్ళికి లారీ మాట్లాడ్డం విన్నాను గాని ఇదేటి బాబూ అని బోటు ఓనరు దొరబాబు నవ్వాడు. నవ్వినా ఒప్పుకున్నాడు. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాడు. శనివారం రాత్రికి సరంజామా అంతా బోటులో ఉండాలి, మనుషులూ బోటులోనే పడుకోవాలి, వేకువనే బయల్దేరాలి. ఏది తక్కువైనా తన కళాసీలతో తన వేటకి తను వెళ్ళిపోతాడు.

అక్కడి నుంచి మొదలయ్యాయి తిప్పలు.

వంజరానికి పెద్ద గాలాలు కావాలి. గాలానికి పైన జానెడు ఇనుప తీగ కట్టాలి, లేకపోతే అది పళ్ళతో తాడు కొరుక్కుని పోతుంది. గవర్రాజు గాలాలమ్మే కొట్టువాడికి అన్నీ చెప్పి పక్కన పెట్టించాడు. తీరా ఇంటికి తెచ్చి పొట్లం విప్పితే, గుంటలో పిత్తపరిగెలు పట్టే గాలాలు. తిరిగి కొట్టుకి వెళ్ళి అడిగితే, చిన్నవి చాలని మీరే కబురంపారు కదండీ అన్నాడు వాడు.

గవర్రాజు ఎవరితోనూ కబురంపలేదు.

ఐసు ఫ్యాక్టరీలో అదే మాట... వద్దని కబురొచ్చింది కదా, వేరేవాళ్ళకి ఇచ్చేశాం అని. డీజిలు కరువు రోజులు. ఎవరెవరినో బతిమాలి రెండు డబ్బాలు సంపాదించి జెట్టీకి మోసుకెళితే, దొరబాబు తెల్లబోయి చూశాడు. వచ్చే ఆదివారానికి మార్చారట గదా బాబూ, కబురొచ్చింది అన్నాడు.

ఎవరు చెప్పారయ్యా అని గవర్రాజు గొంతు చించుకున్నాడు. సందులో ఎవరో కుర్రాడొచ్చి చెప్పి పోయాడట. ఎవరి కుర్రాడో ఎవరికీ తెలియదు. పక్కన వల బాగుచేసుకుంటున్న ముసలి కళాసీ తలెత్తకుండానే అన్నాడు, ఉప్పు కొట్టు ఆవిడకి ఇష్టం లేదు గావాల అని.

ఆ మాటకి గవర్రాజుకి అరికాలి మంట నెత్తికెక్కింది.

ఇంట్లో భార్య కాంతం ఇంకోలా కాల్చుకు తింది. "సముద్రంలో చేపని పట్టడానికి మీరు పడే పాట్లు చూసి, ఆ చేపే జాలిపడి మన గుమ్మంలోకి వచ్చేలా ఉందండీ," అంది. అతను మజ్జిగ పోసుకోకుండానే లేచి చెయ్యి కడుక్కున్నాడు.

త్రినాథరావు మాత్రం రోజూ సాయంత్రం వచ్చి అరుగు మీద కూర్చుని ఓదార్చేవాడు. యోగం లేదులే బావా, ఇంటికాడే కూకుని కాఫీ తాగుదాం, సముద్రం ఎక్కడికి పోతాది అనేవాడు. ఆ నెమ్మది చూసి గవర్రాజు, నా బావ నోరు తెరిచి ఏదీ అడగడు, నేనే చూడాలి అనుకుని, పొద్దున్నే మళ్ళీ సైకిలెక్కేవాడు.

శనివారం దీపాల వేళకి ఎలాగో అన్నీ కుదిరాయి. ఐసు బోటులో పడింది. గాలాలు, తీగ, డీజిలు చేరాయి. ఎర ఒక్కటే మిగిలింది.

ఎర తెస్తానన్నది చిట్టెమ్మ. దొరబాబు అప్పగారు, అంటే అక్క, చేపలమ్ముకునే మనిషి. వంజరానికి ఎర కవళ్ళనే చిన్న చేపలు. పచ్చి కవ్వ మెత్తగా ఉండి గాలం మీద నిలవదు. పొద్దున సగం ఉప్పు పట్టించి నీడన పరిచి, సాయంత్రం ఒకసారి తిరగేస్తే కండ గట్టిపడుతుంది. ఉప్పు కొట్టు నేల మీద రాలిన ఉప్పు ఊరికే దొరుకుతుంది గనక, పగటి పూట ఆడవాళ్ళంతా అక్కడే పరుచుకునేవారు. పొద్దుగూకే లోపల తెచ్చేసుకునేవారు.

చిట్టెమ్మ ఆ రోజు బేరంలో ఆలస్యమైంది. జెట్టీ మీద చతికిలబడి, తాపీగా చెప్పింది.

"దీపాలేళ దాటిపోనాది. నాను మరి లోనికెల్లను బాబూ. ఎనక గోడ కాడ పరిసినాను... నువ్వే తెచ్చుకో."

కళాసీలని అడిగితే ఒకడు బోటు అడుగున దూరాడు. ఇంకొకడు లేని తాడు ముడి విప్పసాగాడు. గవర్రాజు వారం రోజుల కోపమంతా పళ్ళ కింద నొక్కిపెట్టి, ఖాళీ గంప తీసుకుని తనే బయల్దేరాడు.

అప్పుడే కరెంటు పోయింది.

సందంతా నల్లగా కమ్ముకుంది. చేతిలో టార్చిలైటు ఉంది గాని, అందులోవి ట్రాన్సిస్టర్లో అరిగిపోయిన సెల్సు. వెలుగు పచ్చగా, పాదాల దాకా వచ్చి ఆగిపోతోంది.

గొళ్ళెం తీశాడు. తలుపు కిర్రుమంది.

లోపల చెమ్మ... ఉప్పు వాసన... పైన కూలిన కప్పులోంచి రెండు చుక్కలు. నాలుగడుగులు వేసేసరికి టార్చి ఎర్రబడింది. తట్టాడు. ఒకసారి వెలిగి — ఆరిపోయింది.

అప్పుడు కనిపించింది.

వెనక గోడ దగ్గర, నేల మీద, పల్చటి నీలం వెలుగు. మంట కాదు... కదలదు, మిణుకుమనదు. వెన్నెలని ముక్కలు చేసి పరిచినట్టు ఉంది.

ఆ వెలుగు మీద — రెండు చేతులు.

చేతులు మాత్రమే. మనిషి లేదు. వేళ్ళ చివరలు నీలంగా మెరుస్తున్నాయి. ఒక ముక్కని నెమ్మదిగా ఎత్తాయి... బోర్లించాయి... సర్దాయి. పక్క ముక్కని ఎత్తాయి... బోర్లించాయి...

చిట్టెమ్మే మనసు మార్చుకుని వచ్చిందేమో. అలా అనుకుందామని గవర్రాజు చాలా ప్రయత్నించాడు.

"చిట్టెమ్మా..." అన్నాడు. తన గొంతు తనకే వినిపించలేదు.

చేతులు ఆగాయి.

అదే క్షణాన — అతని భుజం మీద ఒక చల్లటి చెయ్యి పడింది.

గంప ఎక్కడ పడిందో తెలియదు. చెప్పులు ఎక్కడ ఊడాయో తెలియదు. తలుపు, సందు, గులకరాళ్ళు... వెనక దబదబా అడుగులు. తను పరుగెడితే అవీ పరుగెడుతున్నాయి. తను మలుపు తిరిగితే అవీ తిరుగుతున్నాయి. జెట్టీ మీద దొరబాబు లాంతరు కనిపించేసరికి గవర్రాజు వెళ్ళి దాని ముందు బొక్కబోర్లా పడ్డాడు.

వెనక వచ్చింది కూడా వచ్చి పక్కనే కూలబడింది.

లాంతరు ఎత్తి చూస్తే, త్రినాథరావు.

"నాను బావా..." అన్నాడు ఆయాసంతో. "నాను... పారిపోకు."

గవర్రాజు కొట్టులో చూసిన నీలం వెలుగు సంగతి రొప్పుతూ చెప్పాడు. ముందుగా చిట్టెమ్మ నవ్వింది. సగం ఉప్పు పట్టిన చేప చీకట్లో అలాగే ఎలుగుతాది బాబూ, ముట్టుకుంటే సేతులకీ అంటుతాది, అది సూసే జనం జడుసుకుంటారు అంది. ఆ మాట నిజమే. సముద్రపు చేప మీద కంటికి కనిపించని సూక్ష్మజీవులు కొన్ని ఉంటాయి. ఉప్పు, చెమ్మ, చల్లదనం సరిగ్గా కుదిరితే అవి పెరిగి మిణుగురుల్లా వెలుగునిస్తాయి. దీపం ముందు కనిపించవు, చీకట్లోనే కనిపిస్తాయి. ఇంతకంటే అందులో మంత్రం ఏమీ లేదు.

గవర్రాజుకి ఊపిరి కుదురుకుంది. కుదురుకోగానే అనుమానమొచ్చింది. సంచీతో తిన్నగా జెట్టీకి వస్తానన్న మనిషి ఉప్పు కొట్టులో ఏం చేస్తున్నట్టు?

త్రినాథరావు లాంతరు వైపు చూడకుండా చెప్పాడు. ఐసు వద్దని కబురంపింది తనే. గాలాలు మార్పించింది తనే. ఆదివారం మారిందని దొరబాబుకి చెప్పించిందీ తనే. ఆఖరికి ఎర లేకుండా చేద్దామని కొట్టుకి వచ్చాడు.

"ఎందుకు బావా?"

"బయ్యం."

అలలు గట్టుకి కొట్టుకుంటున్నాయి.

"ముప్పై ఏళ్ళు కొండ మీంచి సూసినాను బావా. ఎల్లిన బోటుని సూసినాను... సాయంత్రం అది రాకపోతే, రానిదీ సూసినాను. నీకు సెప్దామనే రోజూ అరుగు మీదికొచ్చేవోణ్ణి. నా కోసం నువ్వు సైకిలేసుకుని అలా తిరగతంటే... ఏటని సెప్పేది?"

గవర్రాజుకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. డీజిలు కోసం పట్టుకున్న కాళ్ళు గుర్తొచ్చాయి. తినకుండా వదిలేసిన మజ్జిగన్నం గుర్తొచ్చింది. తాడు చుట్ట మీద కూర్చుని చాలాసేపు తల పట్టుకున్నాడు. తరవాత లేచి, రేపు నీ వేటకి నువ్వెళ్ళిపో దొరబాబూ, మేం ఇళ్ళకి పోతాం అన్నాడు. విసుగంతా చివరి మాటలోకి వచ్చేసింది.

"అంతా సరే బావా. వద్దంటే వద్దనాలి గాని... చీకట్లో అలా కూర్చుని చేపలు తిరగేస్తూ నన్ను హడలగొట్టాలా?"

త్రినాథరావు తలెత్తాడు.

"నాను తిరగేయడమేటి? నువ్వు కదా."

"నేనా?"

"ఎనకాల గోడ కాడ సేతులు మెరిసినాయి. నువ్వే వంగి సద్దుతన్నావు గావాలని... నీకు నిజం సెప్పేద్దామని అటేపే నడిసినాను. దార్లో నీ బుజం తగిలినాది."



దొరబాబు ఏమనుకున్నాడో, లాంతరు ఒత్తి తగ్గించి ఊదేశాడు. జెట్టీ చీకటైపోయింది. ఆ చీకట్లో గవర్రాజు తన రెండు చేతులూ చాపి చూసుకున్నాడు. నల్లగా ఉన్నాయి. పక్కన త్రినాథరావు చేతులు... నల్లగానే ఉన్నాయి.

"సాయంత్రం తిరగెయ్యాలి," అంది చిట్టెమ్మ, గొంతు బాగా తగ్గించి. "నాను... ఎల్లలేదు."

దొరబాబు తడుముకుని అగ్గిపుల్ల గీశాడు. మళ్ళీ వెలిగిన లాంతరులో అందరి మొహాలూ ఒక్కలాగే ఉన్నాయి. ఎర సంగతి ఎవరూ ఎత్తలేదు. దారిలో వల విసిరితే కవళ్ళు పడకపోవులే అని బోటు నడిపే సరంగు తనలో తను గొణుక్కున్నాడు, అంతే.

కంచరపాలెం వెళ్ళాలంటే దారి ఒక్కటే. ఆ ఉప్పు కొట్టు సందే. త్రినాథరావు సందు వైపు చూశాడు. సముద్రం వైపు చూశాడు. మళ్ళీ సందు వైపు చూశాడు.

తరవాత సంచీ చంకన పెట్టుకుని, పంచె ఎగ్గట్టి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా పలక మీంచి నడిచి బోటులోకి దిగాడు. ముప్పై ఏళ్ళు కొండ మీద నుంచే సముద్రాన్ని చూసిన మనిషి, అందరికంటే ముందు వెళ్ళి ఇంజను పక్కన కూర్చున్నాడు.

"నువ్వూ వచ్చీ బావా," అన్నాడు మెల్లగా. "తాడిప్పీ దొరబాబూ... ఏకువ దాకా ఎందుకు?"