అచ్చియమ్మ చుట్ట మానేసిన వానాకాలం

"పసుపు మేడమ్ అంటే మీరేనా అండీ?"

రాజశ్రీ తలెత్తి చూసింది. అనకాపల్లిలో తను పనిచేసే డిగ్రీ కాలేజీ స్టాఫ్ రూమ్ గుమ్మంలో ఒకతను నిలబడి ఉన్నాడు. చొక్కా మీద ఇంజన్ ఆయిల్ మరక, చేతిలో హెల్మెట్, ముఖం నిండా కోపం.

"నా పేరు రాజశ్రీ. న్యూట్రిషన్ పాఠాలు చెబుతాను. పసుపు అమ్మను."

"నా పేరు చంటిబాబు. రాజయ్యపేటలో బోటు ఇంజన్లు బాగుసేత్తాను. మొన్న నక్కపల్లి ఆడోళ్ల మీటింగులో మీరేటో సెప్పేరట. ఆరోజు నుంచి మా ఇంట్లో సేప వండటం లేదండి. పొద్దున్న మునగాకు, మధ్యాన్నం తోటకూర, రాత్రికి కరివేపాకు పొడి. మా అమ్మ బుట్టెడు సేపలు ఊళ్లో అందరికీ అమ్మేసొచ్చి, నాకు మాత్రం గడ్డి పెడతంది."

రాజశ్రీకి నవ్వాగలేదు. "నేను చేపలు మానమని చెప్పలేదే."

"నవ్వకండి మేడమ్." అతని గొంతు దిగిపోయింది. "మా అమ్మ అడ్డపొగ పీలుత్తాది."

రాజశ్రీ నవ్వు ఆగిపోయింది. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని పీల్చడం. తీరం వెంట పెద్దవయసు ఆడవాళ్లలో ఆ అలవాటు ఇంకా ఉందని ఆమెకు తెలుసు.

"అంగిట్లో తెల్లమచ్చ వచ్చింది. పళ్ల డాక్టరు చూసి, వైజాగ్ ఎళ్లి చిన్న ముక్క తీయించి టెస్టు సేయించమన్నాడు. ఎల్దాం రాయే అంటే, ఆకులు తింటే కేన్సర్ రాదని మేడమ్ సెప్పింది కదా అంటంది. ఒక చేతిలో పసుపు పాలు, ఇంకో చేతిలో చుట్ట. ఏటి సెయ్యమంటారు?"

ఆ రోజు తనేం చెప్పిందో రాజశ్రీ గుర్తు చేసుకుంది. మన కణాల్లో డీఎన్‌ఏ ఉంటుందని, అది దెబ్బతింటే కేన్సర్ రావచ్చని, పసుపులో, మునగాకులో, ఉసిరికాయలో ఉండే కొన్ని పదార్థాలు దాన్ని దెబ్బతినకుండా కాపాడవచ్చని చెప్పింది. ఆమె నోట 'కాపాడవచ్చు' అన్న మాట మైకు దాటి జనంలోకి వెళ్లేసరికి 'కాపాడుతుంది' అయిపోయింది.

"ఆదివారం మీ ఇంటికి వస్తాను," అంది.

"మీరా?"

"నా మాట వల్లే కదా ఆగిపోయారు. నేనే వచ్చి చెప్పాలి."

చంటిబాబు హెల్మెట్ తిప్పుతూ నిలబడ్డాడు. తిట్టిపోదామని వచ్చినవాడికి తిట్లు అయిపోయినట్టున్నాయి.

ఆదివారం ఆమె బస్సు దిగేసరికి నక్కపల్లిలో చినుకులు. చంటిబాబు బైకు సీటు తన తువ్వాలుతో తుడిచి పెట్టాడు.

"ఆయిల్ వాసన వత్తాది. ఏటనుకోకండి."

"మీ అమ్మగారు నన్ను తిడతారా?"

"మిమ్మల్ని తిట్టదండి. తిట్లన్నీ నాకు రిజర్వు సేసేసింది."

అచ్చియమ్మ వాకిట్లోనే ఎదురొచ్చింది. ఎండకి నల్లబడిన చేతులతో రాజశ్రీ చెయ్యి పట్టుకుని, కొత్తగా నాటిన మునగ మొక్కని చూపించింది. రాజశ్రీ అరుగు మీద కూర్చుని, "అమ్మా, మన డీఎన్‌ఏ..." అని మొదలుపెట్టింది.

"ఆ మాట ఆరోజూ సెప్పేవు. అర్థం కాలేదు గానీ ఇనడానికి బావుంది," అంది అచ్చియమ్మ.

చంటిబాబు మొహం తిప్పుకుని నవ్వాడు. రాజశ్రీ అతని వైపు కోపంగా చూడబోయి, అతని వెనక ఇసకలో ఉన్న బోటుని చూసింది.

"అమ్మా, ఆ బోటుకి రంగెందుకేస్తారు?"

"ఉప్పునీటికి సెక్క పాడవకుండా."

"రంగేసిన బోటులో రోజూ నిప్పు పెడితే?"

అచ్చియమ్మ బోటు వైపు తిరిగి చూసింది.

"నువ్వు తినే ఆకులు ఆ రంగులాంటివమ్మా. కొంత కాపాడితే కాపాడతాయి. ఎంత కాపాడతాయన్నది పరిశోధన చేసేవాళ్లే ఇంకా తేల్చుకుంటున్నారు. నోట్లో నిప్పుని మాత్రం ఏ ఆకూ ఆపలేదు. వచ్చిన మచ్చని డాక్టరే చూడాలి. ఇదంతా నేను ఆరోజే చెప్పాల్సింది, చెప్పలేదు."

అచ్చియమ్మ కొంగు కొసని వేలికి చుట్టుకుంది. "మా అక్కకి ఇలాగే మచ్చొచ్చింది. ముక్క తీసిన ఏడాదే పోయింది. నాకు బయ్యంగా ఉందమ్మా. ఆకులు తింటే సాలని నువ్వంటే, అందుకే అంత సంతోషమేసింది."

చంటిబాబు నవ్వు ఎటో పోయింది. తల్లి భయపడుతోందని అతనికి ఆ క్షణం వరకూ తెలియదు, మొండితనం అనుకున్నాడు. వచ్చి ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాడు.

"మీ అక్క ఆలస్యంగా వెళ్లి ఉంటుందమ్మా. మనం త్వరగా వెళదాం," అంది రాజశ్రీ. "నేనూ వస్తాను."

"వత్తావా?"

"వస్తాను."

ఆ వారమే ముగ్గురూ వైజాగ్ వెళ్లారు. ముక్క తీసేటప్పుడు అచ్చియమ్మ ఒక చేత్తో కొడుకు చేతిని, ఇంకో చేత్తో రాజశ్రీ చేతిని పట్టుకుంది. రిపోర్టు వచ్చేదాకా చుట్ట ముట్టనని మాటిచ్చింది.

ఆ మాట నిలబెట్టుకోవడం మాత్రం ఇంట్లో వాళ్లకి కష్టమైంది. చంటిబాబు రోజూ సాయంత్రం ఫోన్ చేసేవాడు.

"చుట్ట లేక మా అమ్మకి పిచ్చికోపం వత్తంది మేడమ్. ఇందాక చెంబు ఇసిరింది."

"తగిలిందా?"

"తగిలితే సూడ్డానికి వత్తారా?"

రాజశ్రీ ఫోన్ పెట్టేసింది. నవ్వు మాత్రం అన్నం తినేటప్పుడు కూడా పోలేదు. తండ్రి త్రినాధరావు ఆమెని ఒకసారి చూసి, మళ్లీ తన కంచంలోకి చూసుకున్నాడు.

రిపోర్టు రోజున డాక్టరమ్మ కాగితం చూసి, "కేన్సర్ కాదు," అంది. "కానీ కణాలు మారడం మొదలుపెట్టాయి. చుట్ట మళ్లీ ముట్టకూడదు. కొన్ని నెలలకోసారి వచ్చి చూపించుకోవాలి. ఆకుకూరలు తినండి, మంచిదే. చేపలు కూడా తినండి."

చివరి మాటకి చంటిబాబు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు.

తిరుగు ప్రయాణంలో అనకాపల్లి బస్సు కాంప్లెక్స్‌లో దిగేసరికి పెద్ద వాన. అచ్చియమ్మ బెంచీ మీద కూర్చుని, పక్కనున్నావిడకి అడ్డపొగ మానమని బోధిస్తోంది. చూరు అంచున వాన తుంపర పడుతున్న చోట రాజశ్రీ, చంటిబాబు నిలబడ్డారు.

"ఇంక మా అమ్మతో మీకు పనయిపోయింది," అన్నాడు చంటిబాబు. "రేపట్నుంచి ఏ వంక పెట్టి ఫోన్ సెయ్యాలో తెలీటం లేదు."

"వంక లేకుండా చెయ్యలేరా?"

"సేసి ఏటి సెప్పాలి?"

"నాకు చెప్పాల్సింది ఇప్పుడే చెప్పొచ్చు. వాన తగ్గేలా లేదు."

అతను తడిసిన చెప్పుల వైపు చూసుకున్నాడు. "మీరంటే నాకు ఇట్టం. మీది కశింకోటలో చెరుకు పొలాలున్న ఇల్లు, మాది సముద్రం మీద బతుకు. సెప్పకూడదనే అనుకున్నాను."

"నాకూ ఇష్టమే," అంది రాజశ్రీ. "మా నాన్నతో మాట్లాడటానికే భయంగా ఉంది."

ఆ మాట బెంచీ దాకా ఎలా వినబడిందో గానీ, ఆ తర్వాతి ఆదివారమే అచ్చియమ్మ మంచి చీర కట్టుకుని, కొడుకుని వెంటబెట్టుకుని, బుట్టలో వంజరం చేపతో కశింకోట వచ్చింది.

త్రినాధరావు వాళ్లని అరుగు మీద కూర్చోబెట్టి, చాలాసేపు చెరుకు గురించీ, వానల గురించీ మాట్లాడాడు. అసలు సంగతి రాగానే తల దించుకున్నాడు. "మా వాళ్లు ఏమంటారో," అన్నాడు చివరికి.

"అంటారు బాబూ. మావోళ్లూ అంటారు," అంది అచ్చియమ్మ. "నా నోరు పుచ్చిపోకుండా ఆపింది మీ అమ్మాయి. ఆ నోటితోనే అడుగుతున్నాను. మా ఇంటికి ఇయ్యండి."

త్రినాధరావు గుమ్మం వైపు చూశాడు. తలుపు పక్కన రాజశ్రీ కళ్లనిండా నీళ్లతో నిలబడి ఉంది. కూతురిని అలా చూడటం ఆయనకి చేతకాలేదు.

"ఆ చేప లోపలికి తీసుకెళ్లి వండమ్మా," అన్నాడు కూతురితో. "అందరం ఒకే దగ్గర కూర్చుని తిందాం."